వంటింటికి పంతొమ్మిది

ఆ రోజు ఉదయం ఇంజనీరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి పళ్ల డాక్టరు కుటుంబం వస్తుంది. కట్టబోయే ఇంటిని కంప్యూటర్లో గదిగదికీ తిప్పి చూపించాలి, సంతకం పెట్టించుకోవాలి. పన్నెండేళ్లు ఎవరెవరి ఆఫీసుల్లోనో ప్లాన్లు గీసి, చివరికి తన పేరుతో బోర్డు పెట్టుకున్నాక దొరికిన మొదటి ఇల్లు ఇది. "ఇవాళ కుదరకపోతే రేపు వేరే ఆఫీసు చూసుకుంటామండీ" అని డాక్టరు నిన్ననే నవ్వుతూ చెప్పాడు. పళ్లు పీకేవాళ్లు ఏదైనా నవ్వుతూనే చెబుతారు.

ఆవిడ కాఫీ కప్పు కడుక్కుని వచ్చేసరికి కంప్యూటరు అప్‌డేట్ మొదలెట్టేసింది. పదకొండు రోజులుగా "తర్వాత" నొక్కుతూ తప్పించుకు తిరిగిన అప్‌డేట్ అది. తొంభై తొమ్మిది శాతం దగ్గర పావుగంట తిష్ఠ వేసింది. తీరా తెరుచుకున్నాక, "మీ గేమింగ్ అనుభవం మరింత మెరుగైంది" అని అభినందించింది. జన్మలో ఒక్క ఆట ఆడి ఎరగని మనిషిని పట్టుకుని! అంతటితో ఊరుకుందా? ఇంట్లో నడిచి చూసే ప్రోగ్రాము కూడా ఆటే అనుకుని, తెర మూల ఒక పచ్చటి అంకె అతికించింది.

ఆటల్లో ఆరితేరిన తమ్ముడికి ఫోన్ చేసింది.

"అది ఎఫ్‌పీఎస్ అక్కా. సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తోందో చెబుతుంది. ఎక్కువలో ఎక్కువ అరవై. గదిలో సామాను పెరిగితే అంకె తగ్గుతుంది, అంతే."

"తీసెయ్యడం ఎలారా?"

"మొన్నటిదాకా సెట్టింగ్స్‌లో ఉండేది. ఇప్పుడెక్కడ పెట్టారో పెట్టినవాళ్లకే తెలీదు."

ఇంతలో కాలింగ్ బెల్ మోగింది. డాక్టరు, ఆయన భార్య, తల్లి వరసగా వచ్చి తెర ముందు కూర్చున్నారు.

మూడు నెలల కిందట ఆవిడ వీళ్ల కోసం గీసిన మొదటి ప్లానులో గాలీ వెలుతురూ తప్ప హంగులేమీ లేవు. ఆ ప్లానంటే ఆవిడకు ప్రాణం. "మరీ బోసిగా ఉందండీ" అంటూ వీళ్లు వారానికొకటి తగిలించారు. హాల్లో స్తంభాలు, నాలుగు ఆర్చీలు, మధ్యలో ఫౌంటెను, వంటింట్లో పైకప్పు నిండా దీపాలు, పదకొండు ఉన్న అలమరాలు కాస్తా ముప్పై ఆరు. తగిలించిన ప్రతిసారీ ఆవిడ మనసు చివుక్కుమంది. అయినా నోరు మూసుకుని గీసింది.

ముందు పెద్దావిడ గది చూపించింది. ఒక మంచం, ఒక కిటికీ. మూలన అంకె అరవై. తర్వాత వంటిల్లు. పంతొమ్మిది.

"ఆ నంబరేంటండీ?" అంది డాక్టరు భార్య.

"కంప్యూటరు గొడవండీ. పట్టించుకోకండి."

"మరి అత్తయ్య గదికి అరవై, నా వంటింటికి పంతొమ్మిదీనా?"

"యంత్రానికి పక్షపాతం ఏముంటుంది తల్లీ? ఉన్నదే చెబుతుంది" అంది పెద్దావిడ, చీర కొంగు సర్దుకుంటూ.

"అవి మార్కులు కావండీ! బొమ్మ ఎంత వేగంగా కదులుతోందో..."

డాక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరు మొహమాటపడుతున్నారు. నేనూ పేషెంట్లకి ఏం లేదనే చెబుతాను. ఎక్స్‌రేలో ఉండేది ఉంటుంది."

డాక్టరు భార్య పది అలమరాలు తీయించింది. అంకె ముప్పై ఒకటికి ఎక్కింది. "పెరిగిందండీ!" అని కుర్చీలోంచి లేచింది. ఇంకో పదిహేను తీయించింది, పైకప్పు దీపాలు తీయించింది. అత్తగారితో సమానమయ్యేదాకా ఊపిరి పీల్చుకోలేదు. తర్వాత హాలు వంతు. ఇరవై రెండు.

"నా ఫౌంటెనా?" డాక్టరు గొంతు సన్నబడింది.

"తీసెయ్‌రా. ఫెయిలయ్యే హాలు మనకెందుకు?" అంది తల్లి.

ఫౌంటెను పోయింది, ఆర్చీలు పోయాయి. పెద్దావిడకు ఆశ పుట్టి, అరవై ఒకటి వస్తుందేమోనని తన గదిలో మంచం తీయించి చూసింది. రాలేదు. మంచం మళ్లీ పెట్టించుకుంది. ఇంజనీరమ్మ మరో రెండుసార్లు నిజం చెప్పబోయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

చివరి స్తంభం కూడా ఎగిరిపోయాక ఇల్లంతా అరవై. ఇంజనీరమ్మ తెర వైపు చూసింది. గుమ్మానికి గుమ్మం, కిటికీకి కిటికీ, మూడు నెలల కిందట తను గీసిన ఇల్లే అది. సంతోషం పట్టలేక, ఎవరూ మళ్లీ ఏదీ తగిలించకముందే సేవ్ నొక్కేసింది.

"చూశారా? మాకు కావాల్సింది ఇదే" అన్నాడు డాక్టరు, పెన్ను మూత తీస్తూ. "మొదట్నుంచీ మీకు చెబుతూనే ఉన్నాం."

"నిజంగా అవి మార్కులు కావండీ" అంది ఇంజనీరమ్మ, మనసొప్పక ఆఖరిసారిగా.

"మీరు మరీను" అని నవ్వుతూ సంతకం పెట్టేశాడు.

మర్నాడు ఉదయం తెర మీద కొత్త కబురు. "మూలన అంకె కనిపించడం మా పొరపాటు. సరిచేశాం. వెంటనే అప్‌డేట్ చేసుకోండి."

రెండో ఇంటివాళ్లు పదింటికి వస్తున్నారు. ఇంజనీరమ్మ "తర్వాత" నొక్కింది.