కల్లంపేట తుమ్ముల పర్వం

రెండవ పంచవర్ష ప్రణాళికా మహాయుగంలో, చరమ పాదంలో, గుంటూరు మండలంలో, పర్చూరుకు దక్షిణాన, చినగంజాముకు ఉత్తరాన, నల్లరేగడి సముద్రం నడుమ ఎర్రని ద్వీపంలా వెలిగే కల్లంపేటలో, ఫాల్గుణ మాసాన, మిట్టమధ్యాహ్నపు ముహూర్తాన, పంచాయతీ సమితి అధ్యక్షుల వారి కుర్చీ కింద నిప్పులు దొరికాయి.

నిప్పులంటే ఉపమానం కాదు. మట్టి మూకుడులో కణకణలాడే బొగ్గులు, వాటి మీద మాడుతున్న ఎండు మిరపకాయలు, వాటిలోంచి కంటికి ఆననంత సన్నగా లేస్తున్న పొగ. కోటగోడ కింద సొరంగం తవ్వుకుని లోపలికి వచ్చే శత్రుసేనలా ఆ పొగ కుర్చీ మీద కప్పిన దుప్పటి సందుల్లోంచి పాకి, సరాసరి అధ్యక్షుల వారి నాసికాదుర్గంలో ప్రవేశిస్తోంది. కింద పడిన కలం మూత కోసం వంగిన బ్లాకు అభివృద్ధి అధికారి, బి.డి.ఓ. జయరావు గారు దాన్ని చూసి నిటారుగా లేచారు.

"ఇది కుట్ర," అన్నారు.

జనంలో ముందు వరసలో కూర్చున్న మౌలాబీ దాన్ని చూడగానే గుర్తుపట్టింది. అంచున పెచ్చు ఊడిన ఆ మూకుడు ఆమెది. పొద్దున తన పొయ్యి పక్కనే ఉంది.

ఈ ఘోరకలికి కారణం తెలియాలంటే గంట వెనక్కి వెళ్ళాలి.

కల్లంపేటలో ఒకప్పుడు ఇంటింటికీ విల్లు ఉండేది. శత్రువుల తలల్ని కాదు, దూదిని చెండాడే విల్లు. మిల్లులు వచ్చి ఆ విళ్ళు అటకెక్కాక, దూదేకిన వంశాల ఆడవాళ్ళు షావుకార్ల కల్లాల్లో మిరపకాయల తొడిమలు తీయడానికి కుదిరారు. వారిలో అగ్రగణ్య, వృంతచ్ఛేదవిశారద, మౌలాబీ. ఆమె వేళ్ళ మధ్య తొడిమ విరిగే చప్పుడు వినిపించేలోగా మరో పది తొడిమలు నేల రాలేవి. అంతటి వీరనారికీ సాయంత్రమయ్యే సరికి ఒక ఓటమి తప్పేది కాదు. మిరప మంటతో భగభగలాడే ఆ చేతుల్ని కడుక్కోవడానికి పేటలో నీళ్ళు ఉండవు. కడుక్కోని చేతులతో ఏడాది కొడుకుని ఎత్తుకుంటే వాడు ఊరు దద్దరిల్లేలా ఏడుస్తాడు. ఒకసారి వాడి కంటికి తగిలింది. ఆ రోజు నుంచి ఆమె కోరిక ఒక్కటే: పేటలో ఒక బోరింగు పంపు.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వం వారికి కూడా ఒక సంకల్పం కలిగింది. వెనకబడిన పేటలను ముందుకు తేవాలి, అది కూడా ఆ పేటల వారి చేతనే కోరించి తేవాలి. నిధివ్యయదీక్షాపరాయణుడు జయరావు గారు మార్చి నెల గడిచిపోకముందే జీపెక్కి వచ్చారు. ఆయన వెంట నూరెకరాల చక్రవర్తి, శకునశాస్త్రపారంగతుడు, సమితి అధ్యక్షుడు అంకమ్మరావు గారు వచ్చారు. ఆయన కుర్చీ వెనక గొడుగు పట్టుకుని నిలబడడానికి బంట్రోతు బుల్లయ్య వచ్చాడు.

"ఏ ఆఫీసు వాళ్ళే వీళ్ళు?" అని అడిగింది మౌలాబీ అత్త ఖాదర్‌బీ.

"బ్లాకు ఆఫీసంట అత్తా."

"యుద్ధం రోజుల్లో పంచదార బ్లాకులో కొన్నాం, కిరసనాయిలు బ్లాకులో కొన్నాం. ఇప్పుడు దానికి ఆఫీసే పెట్టారా?"

ఇంతలో జయరావు గారు లేచి, కంఠం సవరించుకుని, మేఘగంభీర స్వరంతో ఇలా పలికారు:

"కల్లంపేట పౌరులారా, యుగయుగాలుగా ప్రభుత్వం పైన కూర్చుని ఆజ్ఞాపించింది, మీరు కింద కూర్చుని ఆలకించారు. ఆ యుగం అస్తమించింది. నేటి నుంచి ప్రణాళిక మీది, కోరిక మీది. మీ హృదయాంతరాళాల్లో నిద్రిస్తున్న కోరికను మేల్కొలిపి, తీర్మానంగా రాసి, మీ చేత చేతులెత్తించడానికే మేము విచ్చేశాము. ఆ కోరిక పేరు రేడియో."

"ఎవరి కోరికంట?" అంది ఖాదర్‌బీ.

"మనదేనంట."

"మనకెప్పుడు పుట్టిందే?"

"ఇప్పుడే."

మౌలాబీ కొంగు బిగించి లేచింది. "అయ్యా, మాకు రేడియో వద్దండి. బోరింగు పంపు కావాలండి."

"అమ్మా, రేడియో ఇప్పటికే జీపులో ఉంది. పంపు జీపులో లేదు."

"కోరిక మాదన్నారు గదండీ."

"కోరిక మీదే. వస్తువు మాది. పంపు వచ్చే ఏడు కోరుకుందురుగాని, కూర్చోండి."

ఆమె కూర్చోలేదు. ఆయన ఆగలేదు. తీర్మానం చదవడం అయిపోయింది, కాగితం అధ్యక్షుల వారి ముందుకు వచ్చింది. అంకమ్మరావు గారు కలం మూత తీశారు. సిరా కాగితాన్ని తాకబోయే ఆ పవిత్ర క్షణంలో, దిక్కులు పిక్కటిల్లేలా, కల్లం మీది పిచికలు లేచి పోయేలా, ఆయన తుమ్మారు.

ఒక్కటే తుమ్ము.

సంతకానికి ముందు ఒంటి తుమ్ము. అంకమ్మరావు గారి ముఖం పాలిపోయింది.

"ఇంకోటి తుమ్మండయ్యా, దోషం పోద్ది," అని ఖాదర్‌బీ సలహా ఇచ్చింది.

ఆయన సూర్యుణ్ణి చూశారు. కండువా కొస మెలిపెట్టి ముక్కులో తిప్పారు. రెండో తుమ్ము రాలేదు. ఇక శాస్త్రం చెప్పిన దారి ఒక్కటే: కాళ్ళూ ముఖం కడుక్కుని, ఒక గుక్క నీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టడం. ఎవరింటి నీళ్ళని ఆయన అడగలేదు. శకునభయం ముందు ఆయన కులభయం తలవంచింది. మౌలాబీ ఇంట్లో కడవ ఖాళీ అయింది.

మళ్ళీ కలం మూత తీశారు. మళ్ళీ తుమ్మారు. ఈసారి పక్కిళ్ళ బిందెలన్నీ అడుగంటాయి. మిరప ఘాటులో పుట్టి పెరిగిన పేట జనంలో ఒక్కరు ముక్కు చీదలేదు. కల్లం పక్కన కూర్చున్నాక ఘాటు ఉండదా అనుకున్నారు అందరూ. మూడోసారి తుమ్మినప్పుడు కలం మూత ఎగిరి కింద పడింది, దానికోసం జయరావు గారు వంగారు, మూకుడు బయటపడింది.

"ఎవరిదీ మూకుడు?" జయరావు గారి గొంతు కత్తిలా దూసుకొచ్చింది.

నోరు మెదపకుండా ఉంటే మౌలాబీని ఎవరూ పట్టుకోలేరు. అలాంటి మూకుళ్ళు పేటలో ఇంటికి రెండు. కానీ చుట్టూ ఉన్న ఆడవాళ్ళ ముఖాలు చూసింది. తను ఊరుకుంటే వాళ్ళందరూ దొంగలవుతారు.

"నాదేనండి. నిప్పు మాత్రం నేను పెట్టలేదు."

"మరెవరు పెట్టారు?"

"తెలియదండి. మిరపకాయల మీద బతికేవాళ్ళం, వాటిని ఇట్లా తగలేసుకుంటామా?"

"అయితే వినండి. నేరస్థుణ్ణి అప్పగించేదాకా కల్లంపేటకు రేడియో లేదు, పంపు లేదు, వచ్చే ఏడూ లేదు. ప్రణాళికలోంచి ఈ పేట పేరే కొట్టేస్తున్నాను. అధ్యక్షుల వారు చిత్తగించాలి."

మౌలాబీ అత్త ఒడిలో ఉన్న కొడుకు వంక చూసింది. పంపు అడగబోయి, ఇక ఎన్నటికీ అడిగే దారే లేకుండా చేసుకుందా తను?

"ఆగవయ్యా," అన్నారు అంకమ్మరావు గారు కండువాతో ముక్కు మూసుకుని. "ముందు నీళ్ళు."

"సార్, ఇది దైవికమైన తుమ్ము కాదు. కృత్రిమం."

"తుమ్ముల్లో సహజం, కృత్రిమం అని శాస్త్రంలో ఎక్కడుంది? నీళ్ళు ముట్టందే నేను ఒకటి చెప్పను, ఒకటి వినను. నీళ్ళు తెండమ్మా."

అప్పుడు కల్లంపేట స్త్రీసేన కదిలింది. ఒక్కొక్కరే ఇంట్లోకి వెళ్ళి, ఖాళీ కడవ తెచ్చి, ఆయుధాలు దించిన యోధుల్లా, అధ్యక్షుల వారి ముందు బోర్లించి నిలబడ్డారు. పేటలో చుక్క లేదు.

మౌలాబీ తన కడవ చంకనెత్తుకుని బావికి బయలుదేరింది.

తుమ్మినవాడు నీళ్ళు ముట్టకుండా లేవడం కూడా నిషిద్ధం కనుక, నూరెకరాల చక్రవర్తి కుర్చీలో బందీ అయ్యారు. నెత్తిన ఎండ, పక్కన పర్వతాకారంలో మిరపరాశి, గొంతులో ఘాటు. బుల్లయ్య గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. జయరావు గారి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఎంతకీ కడవ రాలేదు.

"ఏమమ్మా, మీ కోడలు బావికి పోయిందా, చీరాల పోయిందా?" అన్నారు అంకమ్మరావు గారు.

"బావికేనయ్యా," అంది ఖాదర్‌బీ. "డొంక దాటి రైలుకట్ట అవతలికి పోవద్దూ? పోయినా వెంటనే దొరకవు. ఎడ్లు తాగినాకే మాకు వంతు."

"ఎవరి ఎడ్లు?"

"మీయే."

అంకమ్మరావు గారు కండువాతో ముఖం తుడుచుకున్నారు.

చాలాసేపటికి మౌలాబీ తిరిగి వచ్చింది. నడుం వంగి, జాకెట్టు తడిసి. తల్లిని చూసి నాయనమ్మ ఒడిలోంచి పిల్లవాడు చేతులు చాచాడు. ఆమె వాణ్ణి ముట్టుకోకుండా పక్కకు తప్పుకుని, వంగి, అధ్యక్షుల వారి కాళ్ళ మీద నీళ్ళు పోసింది. ఆయన తన కాళ్ళని చూసుకోలేదు, ఆ చేతుల్ని చూశారు. వేళ్ళు ఉబ్బి, ఎర్రగా కాలినట్టున్నాయి.

"చేతులకేమయింది?"

"మిరపకాయలండి. పొద్దుటి నుంచి కడుక్కోలా. పేటలో నీళ్ళన్నీ తమరి తుమ్ములకే సరిపోయినాయి, బావిలో ఎడ్లు తాగంగా మిగిలినవి ఈ కడవకే సరిపోయినాయి."

"ఆ పిల్లాడు ఏడుస్తున్నాడు, ఎత్తుకో."

"ఎత్తుకుంటే ఇంకా ఏడుస్తాడండి." ఆమె కడవ దించి నిటారుగా నిలబడింది. "నీళ్ళు ముట్టందే తమరి కలం కదలదు. నీళ్ళు ముట్టందే బిడ్డని ఎత్తుకోవడానికి మా చెయ్యి కదలదు. అంతేనండి మా కోరిక. మా లోపల ఇంకేం నిద్రపోవడంలా."

అంకమ్మరావు గారు ఒక గుక్క తాగి, మూతి తుడుచుకుని, కాగితం వెనక్కి తోశారు.

"జయరావు గారూ, రేడియో కొట్టెయ్యండి."

"సార్, జీపులో ఉంది సార్."

"దారిలో వింటూ పోదాం. అక్కడ పంపు అని రాయండి."

"పంపు అని రాస్తే పైవాళ్ళు, ఏం పంపాలి అని తిప్పి పంపుతారు సార్."

"బోరింగు పంపు అనండి. మరి ఆ నేరస్థుడి సంగతా? నా ముక్కు నాది, నేను ఫిర్యాదు చెయ్యను."

ఆహా, ఆ ఘడియను ఏమని వర్ణించడం. మూడక్షరాల రేడియో నేలకొరిగింది. రెండక్షరాల పంపు సింహాసనమెక్కింది. చేతులెత్తమనగానే ఫాల్గుణంలో విరగబూసిన మోదుగు వనంలా ఎర్రని చేతులు ఒక్కసారిగా లేచాయి. కలం కదిలింది, తుమ్ము రాలేదు, సంతకం పడింది. దాని కిందనే జయరావు గారు చిన్న అక్షరాలతో 'నిధుల లభ్యతను బట్టి' అని చేర్చారు. అయినా లోకులారా, తెలుసుకోండి: కల్లంపేటకు పంపు రాలేదు గాని, పంపు అనే మాట వచ్చింది. ప్రభుత్వ తీర్మానంలో కల్లంపేట జనం నోటి నుంచి ఊడిపడిన మొట్టమొదటి మాట అది.

కడవ అడుగున రెండు దోసిళ్ళు మిగిలాయి. మౌలాబీ వాటితో చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, కొడుకుని ఎత్తుకుంది.

అధికారులు జీపు వైపు నడిచారు. కుర్చీలు మడవడానికి వెనక ఉండిపోయిన బుల్లయ్య అటూ ఇటూ చూసి, ఆమె దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించాడు.

"అక్కా, నీ మీదికి వచ్చినప్పుడు నేను నోరు తెరవలా, ఏమనుకోమాక. నిప్పు పెట్టింది నేనే. ఆ రేడియోకి బ్యాటరీ ఉంటది, గొడ్డు తలకాయంత. వారం తిరక్కుండా దిగిపోద్ది. చీరాల పట్టుకెళ్ళి ఎక్కించుకు రావాలి. ఎవరు, జీపులో దొరగారా? ఈ బుల్లయ్యే, సైకిలు మీద. ఇప్పటికే నాలుగూళ్ళ బ్యాటరీలు మోస్తన్నా, నడుం ఇరిగిపోతంది. ఇక ఐదోది నావల్ల కాదనుకున్నా. తుమ్మొస్తే అయ్యగారు సంతకం పెట్టరని తెలుసు గదా. చుట్ట ముట్టించుకోవాలని సాకు చెప్పి మీ అత్తనడిగితే మూకుడు నిండా నిప్పులిచ్చింది. మిరపకాయలు నేనడగలా, ఆవిడే వేసింది. మీకు నీళ్ళు రావాలని నేనేం చెయ్యలా, అబద్ధమెందుకు. కానీ ఒక్కటి చెప్పక్కా, పంపుకి బ్యాటరీ ఉండదు గదా?"