పెరిగిపోయిన గొలుసు

రెండు వారాలుగా మా ఇంట్లో నా మెడ గురించి చర్చ జరుగుతోంది. మెడ నాదే అయినా చర్చలో నాకు చోటు లేదు.

"ఇగ ఈ అబిడ్స్‌ల ఉండుడు నాతోటి కాదు. కొంపల్లి అవతల ఫ్లాట్ చూసిన. గేటుంది, గార్డులున్నరు, మూలమూలకు కెమెరాలున్నయ్," అంటారు మా ఆయన విద్యాసాగర్.

"స్విమ్మింగ్ పూల్ కూడా ఉంది డాడీ," అని గుర్తు చేస్తుంది మా అమ్మాయి శ్రీనిధి. దానికి ఈత రాదు.

"గాడ నాకెవరు ఎరుకరా? పొద్దుగూకే దాంక గేటుతోని ముచ్చట పెట్టాల్నా?" అంటుంది మా అత్తగారు జయమ్మ.

"ఇక్కడ మెడలు తెగుతున్నయమ్మా!"

"తెగుతున్నయ్ అనకు! మంచిమాట అను."

నేను మధ్యలో కూర్చుని ఉప్మా తింటాను. మెడ మీద ఎర్రటి గీత ఒకటి ఉంది కాబట్టి తల వంచడం కొంచెం కష్టం. అయినా తింటాను.

ఇంత గొడవ దేనికో నాకు అర్థం కాదు! దొంగలకు భయపడి ఊరు వదలాలట! ఈ నగరం దొంగలు మాకు చేసిన మేలు ఎవరైనా చేశారా? నేను పుట్టింది నాంపల్లిలో, మెట్టింది అబిడ్స్‌లో. మధ్య దూరం నడిస్తే పన్నెండు నిమిషాలు. ఈ పన్నెండు నిమిషాల దారిలోనే యాభై నాలుగేళ్లు గడిపిన దాన్ని. నా మాట కాస్త వినండి.

మొదటిది, ఆరోగ్యం. యోగా క్లాసులో టీచరు మెడ తిప్పమని ఎంత బతిమాలినా తిప్పేదాన్ని కాదు. ఇప్పుడు బేగం బజార్‌కి వెళ్లి కిలో చింతపండు కొనుక్కుని వచ్చేలోగా కుడికి నలభైసార్లు, ఎడమకు నలభైసార్లు తిప్పుతున్నాను. వెనకాల బండి చప్పుడైతే అదనంగా ఇరవై. ఫీజు లేదు!

రెండోది, అలంకారం. మండు వేసవిలో కూడా పైటను మెడచుట్టూ రెండు చుట్లు చుట్టి, మూడు పిన్నీసులు పెట్టుకుని తిరిగే ఆడవాళ్లను మీరు ఇంకే ఊళ్లో చూశారు? మొదట్లో మాకందరికీ గొంతు నొప్పేమో అనుకునేవారట కొత్తగా వచ్చినవాళ్లు.

ఇక మా పై వాటా వామన్‌రావు గారు. రిటైర్డ్ లెక్కల మాస్టారు. గౌలిగూడ బస్సులో రెండుసార్లు జేబు ఖాళీ అయ్యాక బనీను లోపల జేబు కుట్టించుకున్నారు. ఆటో దిగాక చొక్కా గుండీలు నాలుగు విప్పి, బనీను పైకెత్తి, చిల్లర తీసి ఇస్తారు. ఆ దృశ్యం చూడలేక కొందరు ఆటోవాళ్లు 'వద్దులే పెద్దాయనా' అని వెళ్లిపోతారు. దొంగల పుణ్యమే కదా!

ఆప్యాయత సంగతి చెప్పనే లేదు. ఈ నగరంలో నన్ను జాగ్రత్తగా ఉండమని చెప్పేవారెవరు? డాక్టరు చెప్పడు, టైం లేదు. కూతురు చెప్పదు, ఫోన్‌లో ఉంటుంది. బస్సు కండక్టరు ఒక్కడే, "జేబులు పైలం, గొలుసులు పైలం!" అని రోజూ నోరారా చెబుతాడు.

ఇంకో మాట. యాభై దాటిన ఆడదాన్ని ఎవరైనా తేరిపార చూస్తారా? బట్టల షాపులో సేల్స్‌మన్ చూడడు. పెళ్లిళ్లలో ఫోటోగ్రాఫరు చూడడు. దొంగ చూస్తాడు! ఎక్కడినుంచి వచ్చింది, ఎటు వెళుతోంది, ఏ చేతిలో సంచి ఉంది, మెడలో ఏముంది, అది గిల్టా, బంగారమా అని అంత శ్రద్ధగా గమనించే మనిషి నాకు పెళ్లిచూపుల తర్వాత మళ్లీ తారసపడలేదు.

రెండు వారాల కిందట, ఆదివారం మధ్యాహ్నం, అలాంటి మనిషే తారసపడ్డాడు. అబిడ్స్‌లో పాత పుస్తకాల ఫుట్‌పాత్ మీద. నేను ఒక పచ్చళ్ల పుస్తకం మీదికి వంగి ధర తగ్గించమంటున్నాను. వెనకాల బండి ఆగిన చప్పుడు. మెడ మీద నిప్పు గీసినట్టు అయింది. తల తిప్పేసరికి బండి లేదు, గొలుసు లేదు. నేను పుస్తకాల కుప్ప మీద బోర్లా పడి ఉన్నాను.

పుస్తకాల ఆయన్ని అందరూ ఖాదర్ భాయ్ అంటారు. పాతికేళ్లుగా నాతో బేరమాడి ఓడిపోతున్న మనిషి. నన్ను లేపి స్టూలు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "ఫికర్ నక్కో కరో అమ్మా," అన్నాడు. తర్వాత కుప్పలోంచి ఒక్కొక్క పుస్తకం తీసి దులపడం మొదలుపెట్టాడు. గంటసేపు దులిపాడు. కొనడానికి వచ్చినవాళ్లు కూడా దులిపారు. చివరికి ఒక ఇంటర్ జువాలజీ గైడు లోంచి నా రెండు పుస్తెల్లో ఒకటి రాలి కింద పడింది. ఆ ఆదివారం ఆయన ఒక్క పుస్తకం అమ్మలేదు. పచ్చళ్ల పుస్తకం మాత్రం నా సంచిలో పెట్టాడు. బేరం లేదు.

తర్వాత ఇంట్లో వాళ్లందరం స్టేషన్‌కి వెళ్లాం. ఏ స్టేషనో చెప్పను.

అక్కడ రాసే ఆయన చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు. "అర్జీ రాయండి సార్," అని మా ఆయనకి తెల్లకాగితం ఇచ్చాడు. మా ఆయన ప్రభుత్వ ఆఫీసులో ముప్ఫై ఏళ్లు ఫైళ్లు రాసిన మనిషి. 'నా భార్య మెడలోని మంగళసూత్రం గుర్తు తెలియని వ్యక్తులు లాక్కుపోయారు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు.

స్టేషన్ ఆయన చదివి, బాధగా తల ఊపాడు.

"'లాక్కుపోయారు' అని ఎందుకు సార్? గట్ల రాస్తే పెద్ద పని అయితది. అమ్మగారు పదిసార్లు తిరగాలె. 'పోయింది' అని రాయండి. జల్ది అయిపోతది."

"పోయింది అనా?" అన్నాను నేను.

అంతవరకు మూలన కూర్చుని ఉన్న అత్తగారు లేచి నిలబడింది.

"ఏందయ్యా, పుస్తెలు పోయినయ్ అని రాయిస్తవా? నా కొడుకు నీ ముంగటనే కూసున్నడు, కనిపిస్తలేడా?"

"అయితే 'తెగింది' అని రాద్దామమ్మా," అన్నాడు ఆయన కంగారుగా.

"ఛీ ఛీ! తెగింది అంటరా? పెరిగింది అనాలె!"

మీకు తెలిసిందే. మంగళసూత్రం తెగితే 'తెగింది' అనకూడదు, 'పెరిగింది' అనాలి. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి నాంపల్లిలో స్థిరపడ్డాడు, అత్తగారిది నాలుగు తరాల హైదరాబాద్. వంకాయ కూరలో ఏం వేయాలన్న దగ్గర్నుంచి రెండు ఇళ్లకూ ఏదీ కుదరదు. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం కుదురుతుంది.

మా ఆయన ఇబ్బందిలో పడ్డారు. అటు అధికారి, ఇటు తల్లి. ఎవరి మనసూ నొప్పించకూడదు. ఇంకో కాగితం తీసుకుని ఇద్దరి మాటా కలిపి రాశారు. నేను కళ్లు తుడుచుకుంటూ ఆయన సంతకం కింద నా సంతకం పెట్టాను. నకలు ఇంటికొచ్చాక చదివాను.

'ఆదివారం మధ్యాహ్నం అబిడ్స్‌లో నా భార్య మంగళసూత్రం పెరిగిపోయింది.'

చూశారా! ఇన్నాళ్లూ ఈ నగరంలో ట్రాఫిక్ పెరిగిపోయింది, ధరలు పెరిగిపోయాయి అని ఏడ్చేవాళ్లమే గానీ, మధ్యతరగతి ఆడదాని మెడలో బంగారం పెరిగిపోయిందని సంతకంతో సహా ఒప్పుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? నేనే మొదటిదాన్ని!

ఇలా కాగితాల మీద చూస్తే మా నగరం ఎంత బంగారు నగరం! ఇక్కడ ఎవరూ ఏదీ తీయరు. ఫోన్లు వాటంతట అవే పోతాయి. పర్సులు నడిచిపోతాయి. గొలుసులు పెరుగుతాయి.

బంధువులకూ ఇదే వ్యాకరణం అలవాటైంది. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ, "ఎలా పోగొట్టుకున్నావు కమలా?" అన్నారు. "అంత ఎండలో ఎందుకెళ్లావు?", "కప్పుకోలేదా?" అన్నారు. ఎవరు తీశారని ఒక్కరూ అడగలేదు. మూడో రోజుకి నాకే అనుమానం వచ్చింది, నేనే నా గొలుసు లాక్కుని పారిపోయానేమోనని!

కొంపల్లి ఫ్లాటు కూడా చూసి వచ్చాం. గేటు దగ్గర నా ఫోటో తీశారు, ఫోన్ నంబరు తీసుకున్నారు, సంచి తెరిచి చూశారు. ఆ ఊళ్లో దొంగనని అనుమానించింది నన్నొక్కదాన్నే. రోడ్డు అద్దంలా ఉంది. మనిషి లేడు. ఇక్కడ నా మెడకు ఢోకా లేదు, నిజమే. కానీ ఇక్కడ నా పుస్తె కిందపడితే పుస్తకాలు దులిపేదెవరు?

ఆ మాట పైకి అనలేదు. ఎందుకంటే ఇంకో నిజం కూడా ఉంది. రెండు వారాలుగా నేను ఒంటరిగా గడప దాటి ఫుట్‌పాత్ దాకా వెళ్లలేదు. పాలవాడి బండి ఆగినా గోడకు అతుక్కుపోతున్నాను. పైన రాసిన మెడ వ్యాయామం బేగం బజార్‌లో చేసింది కాదు, కిటికీ దగ్గర నిలబడి చేసింది.

ఈ రోజు మళ్లీ ఆదివారం. ఉప్మా అయింది, చర్చ అయింది. విద్యాసాగర్ ఫ్లాటు వాళ్లకి ఫోన్ చేయడానికి లేచారు. నేను పళ్లెం పక్కన పెట్టాను.

"చేయకండి," అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు. మెడ వైపు కాదు, నా వైపు.

"నేను ఇల్లు మారను. రేపు పదింటికి స్టేషన్‌కి వెళ్తున్నా. ఆ కాగితం తీసేయమని చెప్పి, కొత్తది నేనే రాస్తా. లాక్కుపోయారు అని. పదిసార్లు తిరగమంటే పదిసార్లు తిరుగుతా. దారే కదా, నాకు తెలిసిందే. శ్రీనిధీ, నువ్వు నాతో వస్తున్నావు."

"ఆఁ," అంది అది, ఫోన్ కింద పెట్టి.

అత్తగారు పసుపుతాడుకు వేలాడుతున్న నా ఒంటరి పుస్తెను కాసేపు చూసింది.

"పో బిడ్డా, పో. కానీ తెగింది అని మాత్రం రాయకు."

"తెగలేదత్తమ్మా," అన్నాను. "తెంపారు."