తెల్లబట్టల డ్రమ్ము ముందు రెండు నిమిషాల మౌనం

మా లాండ్రీలో పనిచేసే యావన్మందికీ ఆ శనివారం పొద్దున్న తెలియజేయడమైనది ఏమనగా, సముద్రాల అవతలున్న ఎర్రచొక్కాల ఫుట్‌బాల్ క్లబ్బు తన మేనేజర్‌ని ఉద్యోగంలోంచి తీసేసింది. వార్త వినగానే ఇస్త్రీ గదిలో ముగ్గురు ఉన్నచోటే కూలబడ్డారు. అందులో ఒకడు వేడి ఇస్త్రీపెట్టెని దిండు గలీబు మీదే వదిలేసి కూలబడ్డాడు. గలీబు కాలిపోయింది. పొగ వచ్చింది. దాన్ని తొలి సంతాపంగా స్వీకరించి, అందరూ కిటికీలు తెరిచారు.

నేను మోకాళ్ళు పనిచేసినంత కాలం ఆ లాండ్రీలో బట్టలుతికే డ్రమ్ము తిప్పినవాణ్ణి. ఇప్పుడు గేటు దగ్గర స్టూలేసుకుని వచ్చే మూటల్నీ పోయే మూటల్నీ చూస్తూ కూర్చుంటాను. ఎవరూ కూర్చోమనలేదు, ఎవరూ లేవమనలేదు. హోటళ్ళ దుప్పట్లు, ఆస్పత్రి తువ్వాళ్ళు, ఎక్కువగా తెల్లవే వస్తాయి మా దగ్గరికి. మా అల్లుడు అక్కడ సూపర్‌వైజరు. ఆ ఉద్యోగంతో పాటు బాయిలర్ గదిపైన రెండు గదుల ఇల్లిచ్చారు. అందులోనే మా అమ్మాయి, అల్లుడు, నేను. కింద బాయిలరు మండుతుంటే పైన గచ్చు వెచ్చగా ఉంటుంది. చలికాలంలో చెప్పులు వేసుకునే పనే లేదు. నా మోకాళ్ళకి డాక్టరిచ్చిన మందు కన్నా ఆ గచ్చే మేలు చేసింది.

ఇక మావాళ్ళ సంగతి. ఎర్రచొక్కాల క్లబ్బున్న ఊరు మావాళ్ళలో ఒక్కరూ చూడలేదు. అది మ్యాపులో ఎక్కడుందని అడిగితే గోడమీది క్యాలెండరు వైపు చూస్తారు. అయినా "మనం" అనే అంటారు. "నిన్న మనం భలే ఆడాం" అంటారు, టీవీ ముందు కాళ్ళు బారజాపి. ఈ భక్తబృందానికి అధ్యక్షుడు ఇస్త్రీ బల్లల పెద్ద. మెళ్ళో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది కాబట్టి రిఫరీ అంటారు. డ్రమ్ము దగ్గర నా తర్వాత వచ్చినవాణ్ణి గోల్‌కీపరంటారు. ఏ మూట విసిరినా చేతుల్లోంచి జారవిడుస్తాడని ఆ గౌరవం ఇచ్చారు.

వాళ్ళకొక నియమం ఉంది. సీజనులో మొదటి మ్యాచ్ గెలిచిన రోజు ఒంటిమీదున్న ఎర్రచొక్కాని సీజను అయ్యేదాకా ఉతక్కూడదు. ఉతికితే అదృష్టం సబ్బునురగతో పాటు పోతుందట. ఊళ్ళో వాళ్ళందరి బట్టలూ ఉతికి బతికే మనుషులు తమ చొక్కా మాత్రం నెలల తరబడి ఉతకరు. మ్యాచ్ ఉన్న రోజున ఆ చొక్కాలు వేసుకుని వరసగా నిలబడితే గేటు దగ్గర నాకు తెలిసిపోయేది, ఇవాళ ఆటుందని. మా అల్లుడు మంచివాడు. తిట్టకుండా, వెనక తలుపు బయట వాటికోసం విడిగా ఒక తాడు కట్టించాడు. గాలి ఎటు వీస్తుందో చూసి మరీ కట్టించాడు.

ఈ సీజనులో క్లబ్బు ఓడిపోవడం మొదలుపెట్టింది. చొక్కాలు ఉతకలేదు, అయినా ఓడింది. తప్పు చొక్కాలది కాదని తేలింది కాబట్టి మేనేజర్‌ది అని తీర్మానించారు. "వాణ్ణి తీసెయ్యాలి" అని చిరిగిన దుప్పటి మీద నీలం రంగుతో రాసి ఎండేసే తాళ్ళ మధ్య కట్టారు. రిఫరీ రోజూ మధ్యాహ్నం దానికింద నిలబడి ఈల వేసేవాడు. సముద్రాల అవతల వినపడిందో లేదో గానీ పక్కవీధి ఆస్పత్రి వాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు.

అదే రోజుల్లో మా అల్లుడికీ గండం వచ్చింది. పాత డ్రమ్ములు తుప్పు వదులుతున్నాయి. దుప్పట్ల మీద మరకలు పడి మూటలు తిరిగొచ్చాయి. డ్రమ్ములు మార్చాలని మా అల్లుడు అడుగుతూనే ఉన్నాడు. యజమాని వింటూనే ఉన్నాడు. ఆఖరికి ఒక పెద్ద హోటలువాళ్ళు, ఒక విడత ఉతికి చూపించండి, నచ్చితే మా పనంతా మీకే ఇస్తామన్నారు. ఆ హోటలు నుంచి పక్కబట్టలు చూసుకునే మేడమ్‌ని వెంటబెట్టుకుని శనివారం మధ్యాహ్నం వస్తానన్నాడు యజమాని. "ఈసారి మరక కనపడితే ఇంకొకర్ని చూసుకోవాల్సొస్తుంది" అని కూడా నవ్వుతూ అన్నాడు.

ఆ మాట విని రిఫరీ మా అల్లుడి భుజం మీద చెయ్యేశాడు.

"అన్నా, నువ్వేం దిగులు పెట్టుకోకు. మేమంతా ఉన్నాం. తుప్పు డ్రమ్ముది, నీది కాదని ఆయన మొహం మీదే చెప్తాం."

"చెప్తాం అంటే ఎవరు చెప్తారు?" అంది మా అమ్మాయి మెట్ల మీంచి.

"అందరం వదినా! ఒక్క గొంతుతో!"

"ముందు ఆ ఒక్క గొంతు ఎవరిదో తేల్చుకోండి మరిదీ" అంది ఆవిడ. నవ్వారు అందరూ. నేనూ నవ్వాను.

శనివారం తెల్లారేసరికి ఆ కబురు వచ్చింది. నెలల తరబడి వాళ్ళు కోరింది కోరినట్టే జరిగింది కాబట్టి దుఃఖం ఆపడం ఎవరి తరమూ కాలేదు. క్లబ్బువాళ్ళు వెలువరించిన ప్రకటనని రిఫరీ బల్లెక్కి గట్టిగా చదివాడు. "మీ సేవలను ఈ సంస్థ ఎన్నటికీ మరువదు. మీ భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉండాలని ఆకాంక్షిస్తున్నాము." మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాడు. మూడోసారికి గోల్‌కీపరు ఏడ్చాడు.

"దేవుడిలాంటి మనిషిరా!" అన్నాడొకడు. నిన్న సాయంత్రం దాకా ఆ దేవుణ్ణి గాడిద అన్నది వాడే.

"నువ్వే కదట్రా తీసెయ్యమన్నావు?" అన్నాను ఉండబట్టలేక.

"అంటాం తాతా. మనవాడు కాబట్టి అంటాం. అంత మాత్రాన తీసేస్తారా?"

ఇది న్యాయంగానే తోచింది నాకు.

ఈలోపు మా అల్లుడు హోటలు దుప్పట్లని తన చేత్తోనే తెల్లబట్టల డ్రమ్ములో వేశాడు. దానికి ముందు డ్రమ్ము లోపలంతా చింతాకంత తుప్పు లేకుండా గీకాడు, రాత్రి భోజనానికి కూడా పైకి రాకుండా. సబ్బుపొడి కొలిచి పోశాడు. "ఆవిరి అందగానే మీట నొక్కు. ఇంకేం ముట్టుకోకురా నాయనా" అని గోల్‌కీపరుకి చెప్పి, బాయిలర్ గదిలోకి పోయాడు. ఆ బాయిలరు పక్కన మనిషి నిలబడితే గానీ పనిచెయ్యదు, అలా అలవాటు పడింది.

ఆయన అటు పోగానే ఇటు అత్యవసర సమావేశం జరిగిందట, నాకు తర్వాత చెప్పారు. మేనేజర్ పోయాడు కాబట్టి ఆయన కాలం ముగిసింది. కాలం ముగిసింది కాబట్టి చొక్కాలు ఉతికెయ్యాలి. ఉతకాలంటే మామూలుగా కాదు, సగౌరవంగా, సలసల కాగే నీళ్ళలో ఉతకాలి. సలసల కాగే నీళ్ళు తెల్లబట్టల డ్రమ్ముకే వస్తాయి. తర్కంలో ఎక్కడా లోపం లేదు.

గోల్‌కీపరు గోడ చూపించాడు. 'రంగుబట్టలు తెల్ల డ్రమ్ములో వేయరాదు' అని గోడమీద మనిషెత్తున రాసి ఉంటుంది.

"ఇవి రంగుబట్టలట్రా?" అన్నాడు రిఫరీ, తన చొక్కాని పైకెత్తి పట్టుకుని. "ఇది మన జెండారా!"

"అన్న తిడతాడేమో..."

"అన్న మనవాడు. ఆయనకి మాత్రం బాధ ఉండదా?"

డ్రమ్ము తలుపు తెరిచారు. చొక్కాలకి చోటుందా అని చూశారు. ఉంది. ఒక్కొక్కరే వచ్చి, చొక్కాని కళ్ళకద్దుకుని, హోటలు దుప్పట్ల మీద పరిచి వెనక్కి తగ్గారు. రిఫరీ ఈల వేశాడు. గోల్‌కీపరు మీట నొక్కాడు. తలలు వంచుకుని వరసగా నిలబడ్డారు.

గేటు దగ్గర్నుంచి నాకు వీపులే కనపడ్డాయి. టోపీ తీసి అడిగాను, "ఎవర్రా పోయింది?"

"మాట్లాడకు తాతా. రెండు నిమిషాలు."

టోపీ ఒళ్ళో పెట్టుకున్నాను. మా లాండ్రీలో అంత నిశ్శబ్దం నేనెన్నడూ వినలేదు. డ్రమ్ము ఒక్కటే తిరుగుతోంది. దాని గుండ్రటి అద్దంలోంచి చూస్తుంటే నీళ్ళు మెల్లమెల్లగా ఎర్రబడ్డాయట. అది చూసి అందరి కళ్ళూ చెమర్చాయట. "రక్తకన్నీరులా అనిపించింది తాతా" అని గోల్‌కీపరు తర్వాత చెప్పాడు. కొందరు ఆ దృశ్యాన్ని ఫోనులో తీసి పదిమందికీ పంపించారు. చూసినవాళ్ళందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. వాళ్ళలో లాండ్రీ మనుషులూ ఉన్నారు, అయినా ఒక్కరంటే ఒక్కరూ కింద ఉన్న ఆ దుప్పట్లెవరివని అడగలేదు.

యజమాని కారు సరిగ్గా చెప్పిన వేళకే వచ్చింది. హోటలు మేడమ్ దిగింది. మా అల్లుడు బాయిలర్ మసి తుడుచుకుంటూ ఎదురెళ్ళి, నమస్కారం చేసి, డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్ళి, తలుపు తీశాడు.

దుప్పట్ల మీద తుప్పు మరక ఒక్కటి లేదు. అది మా అల్లుడి పనితనం. అన్నీ ఒకే రకంగా, మూల నుంచి మూలకి, లేత గులాబీ రంగులో ఉన్నాయి.

"చాలా శుభ్రంగా ఉన్నాయండీ" అంది మేడమ్. "కానీ మేం తెల్లవి ఇచ్చాం కదా."

యజమాని చెయ్యిపెట్టి ఒక చొక్కా పైకి తీశాడు. దాని ఎరుపు సగం దిగిపోయింది. "ఇవెవరివి?"

వాళ్ళిచ్చిన మాట నాకు గుర్తొచ్చింది. ఒక్క గొంతు కోసం నేను చెవి రిక్కించి కూర్చున్నాను. రిఫరీ తన ఈలకేసి చూసుకున్నాడు. గోల్‌కీపరు నేలకేసి చూశాడు. మిగతావాళ్ళు గోల్‌కీపరుకేసి చూశారు. ఇందాకటి రెండు నిమిషాల మౌనం అప్పుడు ఇంకో రెండు నిమిషాలు పొడిగించడమైనది. తర్వాత రిఫరీ నాకు వివరించాడు, సంతాపం రోజున వాదులాటలు బాగుండవని.

మా అల్లుడు వాళ్ళందర్నీ ఒకసారి చూశాడు. "షిఫ్టు నాది సార్" అన్నాడు.

యజమాని మర్యాదస్తుడు. గొంతు పెంచలేదు. అందరిముందూ మా అల్లుడి చెయ్యి పట్టుకుని ఊపుతూ అన్నాడు: "మీ సేవలను ఈ సంస్థ ఎన్నటికీ మరువదు. మీ భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉండాలని ఆకాంక్షిస్తున్నాను. నెలాఖరుకి గదులు ఖాళీ చేస్తే చాలు."

ఆ మాటలు పొద్దున్నే మూడుసార్లు విన్నాను కాబట్టి నాకు కంఠతా వచ్చాయి. ఎక్కడో ఒకచోట వీటిని అచ్చేసి, మేనేజర్లకొక సైజు, సూపర్‌వైజర్లకొక సైజు చొప్పున యజమానులకి అమ్ముతుంటారనుకుంటాను.

ఆ సాయంత్రం ఎండేసే తాళ్ళ కింద బ్రహ్మాండమైన నిరసన సభ జరిగింది. మా అల్లుడి కోసం అనుకునేరు. కాదు, ఎర్రచొక్కాల మేనేజర్ కోసం. హోటలువాళ్ళు వద్దన్న దుప్పట్లు ఉన్నాయి కాబట్టి బ్యానరు గుడ్డకి లోటు లేకపోయింది. గులాబీ రంగు మీద నీలం అక్షరాలు దూరానికి కూడా బాగా కనపడ్డాయి. 'మేనేజర్‌కి న్యాయం జరగాలి.' అందరూ సగం వెలిసిన చొక్కాలు తొడుక్కుని, మొదటిసారి సబ్బు వాసన వేస్తూ నిలబడ్డారు.

రిఫరీ మూట మీదెక్కాడు.

"సోదరులారా! మైదానంలో తప్పు చేసిందెవరు? ఆటగాళ్ళు! బంతి వదిలేసిందెవరు? గోల్‌కీపరు! శిక్ష ఎవరికి? మేనేజర్‌కి! ఇదెక్కడి న్యాయం? ఆయన గదిలోకి వెళ్ళి, అయ్యా తప్పు మాదీ అని ఒక్క ఆటగాడన్నా చెప్పాడా? పదకొండు మంది ఉన్నారు, ఒక్కడికి నోరు లేదా? ఛీ! ఇలాంటి మనుషుల మధ్య పనిచేసిన ఆయన ఎంత కుమిలిపోయి ఉంటాడో ఆలోచించండి!"

"సిగ్గు! సిగ్గు!" అని అందరూ అరిచారు. మా గోల్‌కీపరు అందరికన్నా గట్టిగా అరిచాడు.

మా అల్లుడు అప్పుడే తన టిఫిన్ క్యారియరు, మసిగుడ్డ తీసుకుని బయటికి వస్తున్నాడు. ఆగి, చివరిదాకా విని, చప్పట్లు కొట్టాడు. నిజంగానే కొట్టాడు. ఆయనదీ అదే క్లబ్బు మరి.

మెట్ల మీద మా అమ్మాయి నిలబడి ఉంది. "ఏం మరిదీ, పాపం ఇల్లు ఖాళీ చెయ్యడానికి ఎన్నాళ్ళు గడువిచ్చారంట?" అని అడిగింది.

"ఎవరికి వదినా?"

"ఇంకెవరికి? మీ మేనేజర్‌కి."

"అబ్బే, ఆయనకేం భయం లేదులే వదినా. ఆయనకి బోలెడు బంగళాలు. పైగా ఒప్పందంలో మిగిలిన ఏళ్ళ జీతం కూడా ఇచ్చి పంపిస్తారు" అన్నాడు రిఫరీ, ఆవిణ్ణి ఓదారుస్తున్నట్టు. "నువ్వేం బెంగ పెట్టుకోకు."

"పెట్టుకోను" అంది మా అమ్మాయి, లోపలికి పోయింది.

నెలాఖరున గదులు ఖాళీ చేశాం. మావాళ్ళు కృతజ్ఞత లేనివాళ్ళని ఎవరూ అనకూడదు. సామాను మొయ్యడానికి ఒక్కరూ తప్పకుండా వచ్చారు. బీరువా దించుతూ కొత్త మేనేజర్ ఎత్తుగడల మీద చర్చించుకున్నారు. నా మంచం గోల్‌కీపరు పట్టుకున్నాడు, రెండుసార్లు జారవిడిచాడు. మా అల్లుడి కుర్చీలోకి యజమానిగారి బావమరిది వచ్చాడు. క్లబ్బుల్లో కొత్తవాడు వస్తే మొదటి ఆట గెలవడం ఆనవాయితీ అని మావాళ్ళు ఉత్సాహంగా ఉన్నారు. ఆ బావమరిది మొదటి వారంలోనే గోడమీది రాతకి కొత్తగా రంగు వేయించాడు.

మేము వెళ్ళింది ఊరి చివర ఒంటిగది ఇంటికి. సామాను దించుతుంటే రిఫరీ ఫోను మోగింది. చూసి ఎగిరి గంతేశాడు. తీసేసిన మేనేజర్‌ని ఇంకో పెద్ద క్లబ్బు ఇంతకన్నా ఎక్కువ జీతంతో తీసుకుందట. అందరూ ఒకర్నొకరు కౌగిలించుకున్నారు. మా అల్లుణ్ణీ కౌగిలించుకున్నారు.

"చూశావా అన్నా! మంచివాడికి అన్యాయం జరగదు. మనం పోరాడాం, సాధించాం!"

వాళ్ళు వెళ్ళాక చెప్పులు విప్పి గచ్చు మీద కాలు పెట్టాను. మళ్ళీ చెప్పులు తొడుక్కున్నాను.

ఈ సంగతి ఇప్పటికి చాలామందికి చెప్పాను. అందరూ మీలాగే ఓపిగ్గా విన్నారు, అయ్యో అనవలసిన చోట అయ్యో అన్నారు. మా అల్లుడికి మళ్ళీ పని దొరికిందా అని ఒక్కరూ అడగలేదు గానీ, చివర్లో మాత్రం నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అందరూ ఒకటే అడిగారు: "ఇంతకీ ఏ క్లబ్బు తాతా అది?"

మీరూ అడగండి. మొహమాటం దేనికి.