కారు తలుపులో గంగమ్మ ముడుపు

ఓర్పు, దైవభక్తి, భార్యంటే భయం. ఈ మూడింటినీ ఒకే దెబ్బకు నేర్పగల గురువు ఎవరయ్యా అంటే నేను తడుముకోకుండా చెబుతాను: కారు తలుపులోని ప్లాస్టిక్ పిన్ను!

నవ్వకండి. మీ కారులోనూ ఉన్నాయి. తలుపు లోపలివైపు మీరు మోచెయ్యి ఆనించుకునే నున్నటి పలక ఉంది చూశారా, దాన్ని ఇనుప తలుపుకు పట్టి ఉంచేవి అవే. బయటికి కనబడవు. నెడితే టక్కున లోపలికి పోతాయి, లాగితే రావు. మరీ బలవంతం చేస్తే తల తెగి చస్తాయే గానీ పట్టు వదలవు. ఇంతటి నిబద్ధత ఈ రోజుల్లో ఏ పార్టీ కార్యకర్తలో చూశారు?

పూర్వం ఆ చోట స్క్రూలుండేవట. ఛీ! స్క్రూ అంటే ఏమిటి? ఎవడుబడితే వాడు తిప్పి, తీసి, లోపలికి తొంగిచూసి, బాగుచేసుకుని, మళ్లీ బిగించుకునే అరాచకం! దాన్ని అంతం చేసిన మహానుభావుడి కడుపు చల్లగా ఉండాలి.

నమ్మకం కుదరకపోతే గంగప్ప సంగతి వినండి.

గంగప్పది సదుం దగ్గర పల్లె. టమోటా రైతు. బోరు వెంట బోరు ఎండిపోతుంటే, ఈసారి నీళ్లు పడితే కుప్పం గంగమ్మకు ముడుపు చెల్లిస్తానని ఆయన భార్య జయలక్ష్మమ్మ మొక్కుకుంది. ఆమె పుట్టిల్లు గుడుపల్లె. కష్టమొస్తే ఆమెకు ముందు ఆ తల్లే గుర్తొస్తుంది. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల ముడివేసి దేవుడి గూట్లో పెట్టింది. నీళ్లు పడ్డాయి. పంట పండింది. మదనపల్లె మార్కెట్టులో ధర కూడా పలికింది, అంటే మహిమ ఏ స్థాయిదో మీరే ఊహించుకోండి! గంగప్ప ఒక సెకండ్ హ్యాండు కారు కొన్నాడు.

కారుకు పూజ చేసే రోజు జయలక్ష్మమ్మకు ఒక ఆలోచన వచ్చింది. జాతర వచ్చే వారమే. పోయేది ఈ కారులోనే. ముడుపుకూ కారుకూ కలిపి ఒకే హారతి ఇచ్చేస్తే పోలా? ముడుపు తెచ్చి వెనక తలుపు మీద, ఎత్తి ఉన్న అద్దానికి ఆనించి పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. సరిగ్గా హారతి వేళకు గంగప్పకు సరదా పుట్టింది. పవర్ విండో అంటే ఏమిటో చుట్టాలకు తెలియవద్దూ? బటన్ నొక్కాడు. అద్దం జుయ్యిమంటూ దిగింది. దాంతోపాటు పసుపు గుడ్డ కూడా దిగింది.

"ముడుపు యాడికి పాయ?" అంది జయలక్ష్మమ్మ, హారతి పళ్లెం చేతిలో ఉండగానే.

"తలుపులోకి పాయ. ఏం గాదులే మే, ఇంకో రూపాయి కడదాము."

"మొక్కింది ఆ రూపాయి. తల్లికే మారుబిళ్ల ఇస్తావా? దేవర సొమ్ము తలుపులో పెట్టుకోని తిరిగితే బోరులో నీళ్లు నిలస్తాయా? జాతర లోపల అది బయటికి రావల్ల. వచ్చేదాకా నేను నీ కారెక్కేది ల్యా."

గంగప్పకు మొదట నవ్వొచ్చింది. బోరులో ఇరుక్కున్న మోటారునే పైకి లాగినవాడు, ఒక తలుపు విప్పలేడా?

స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తాడు. పలక మీద గీత పడింది. పల్చగా ఉంటుంది కదా అని వంటింట్లోంచి అట్లకాడ తెచ్చాడు. అట్లకాడ వంగింది. ఆ పూట ఇంట్లో దోసెలు లేవు, ఆ తర్వాత మాటలూ లేవు. రోజూ పోట్లాడుకునే ఇంట్లో ఇంతటి శాంతిని స్థాపించింది ఎవరు? పిన్ను కాదూ!

పుంగనూరులో మెకానిక్కు చెంగయ్య దగ్గరికి తీసుకుపోయాడు. చెంగయ్య తలుపు చుట్టూ వేలితో తడిమి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అప్పా, ఇంజిన్ దించమను, దించేస్తా. ఈ ప్లాస్టిక్కు జోలికి మాత్రం నన్ను పిలవద్దు. ఒగటి తీస్తే రెండు ఇరగతాయి."

చూశారా? దేనికీ తలవంచని మెకానిక్కులో వినయం పుట్టించింది!

అక్కడినుంచి మదనపల్లెలో పెద్ద సర్వీస్ సెంటరుకు. అక్కడ రైతును ఏసీలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, సార్ అన్నారు. ఏ ప్రభుత్వ పథకం ఈ పని చేసిందో చెప్పండి! కంప్యూటరు ముందున్న నీలిమ అనే అమ్మాయి కంప్లయింట్ ఏమిటని అడిగింది. గంగప్ప చెప్పాడు. ఆ అమ్మాయి తెరమీది జాబితాను పైనుంచి కిందికి వెతికింది.

"నాయిస్ ఉండాది, లీకేజ్ ఉండాది, వైబ్రేషన్ ఉండాది. ముడుపు లేదు సార్."

"నాయిస్ అని ఏసుకోమ్మా, ఏదో ఒగటి."

"ఏసుకుంటాను సార్. పిన్నులు ఇరిగితే మాత్రం ప్యానెల్ మొత్తం మార్చాల. అది మద్రాసునుంచి రావాల. ఇప్పుడు బుక్ చేస్తే జాతర అయినాక వస్తాది."

కాఫీ మాత్రం బాగుందని గంగప్ప ఒప్పుకున్నాడు.

ఇక కుప్పంలో ఉద్యోగం చేసే బావమరిది మునిశేఖర్ ఆన్‌లైన్‌లో ఒక కిట్టు తెప్పించి పంపాడు. పిన్నులు ఊడదీయడానికే పుట్టిన పనిముట్లు. ఒకదానికి చీలిన మూతి, ఒకటి గరిటెలాంటిది, ఇంకొకటి దేనికో చేసినవాడికే తెలియాలి. అన్నీ ప్లాస్టిక్కే. ముల్లును ముల్లుతోనే తీయాలన్నారు కదా పెద్దలు! ఆ కిట్టు మీది కవరు చింపడానికి కొడవలి కావలసి వచ్చిందన్నది చిన్న విషయం. ఫోనులో వీడియో పెట్టుకుని గంగప్ప కూర్చున్నాడు. మొదటి పిన్ను 'టప్'మని ఊడి గడ్డివాములోకి ఎగిరిపోయింది. రెండోదాని తల తెగింది. మూడోదాని దగ్గర పనిముట్టు మూతే విరిగింది. వీడియోలోని పెద్దమనిషి అప్పటికే పలక మొత్తం తీసి పక్కన పెట్టి నవ్వుతున్నాడు.

జాతర రోజు తెల్లవారింది. అరుగు మీద తల పట్టుకు కూర్చున్న మొగుణ్ణి చూస్తే జయలక్ష్మమ్మకు కోపం పోయి జాలి పుట్టింది.

"లెయ్యి. ముడుపు రాకుంటే తలుపునే తల్లి దగ్గరికి తీసకపోదాం పా."

కారెక్కింది. ఆ తలుపు పక్క సీటులో మాత్రం ఎవరినీ కూర్చోనివ్వలేదు. కుప్పం చేరాక తలుపుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, నిండిన కళ్లతో చేతులు జోడించింది.

"తల్లీ, నీ సొమ్ము ఈడనే ఉండాది. నేను దాసుకోలేదు. తీసేకి మాకు చేతగాలేదు, అంతే."

వెనకాల ఎవరో దగ్గారు. పాపమ్మ అనే ముసలామె, గుడి ముందు క్యూలో నిలబడలేక అటు వచ్చింది. ఏం దేవర, ఎందుకు ఈడ నిలిచింది అని అడగనేలేదు. కొంగు ముడి విప్పి, బిళ్ల తీసి, అద్దం పక్క సందులో వేసింది. లోపల టంగుమంది. ఆ చప్పుడు విని ఇంకో ఇద్దరు వచ్చారు. మధ్యాహ్నానికి గంగప్ప కారుకు క్యూ కట్టారు!

సంగతి తెలిసి గుడి మనిషి ఒకాయన పరుగెత్తుకొచ్చాడు.

"తల్లి సొమ్మప్పా ఇది. హుండీలో పడల్ల. తీయి."

"నువ్వే తీసుకో సామీ, నీ కాళ్లకు మొక్కుతా," అన్నాడు గంగప్ప మనస్ఫూర్తిగా.

ఆయన వంగి తలుపు ముందూ వెనకా చూశాడు. కిందికీ చూశాడు.

"హుండీకయితే తాళం ఉండాది. పదిమందిని పిలిచి తీస్తాము. దీనికి తాళమే లేదు. ఎప్పటికయినా తీసే ఉద్దేశం ఉన్నోడు జేసింది గాదప్పా ఇది."

అని చెంపలు వేసుకుని వెళ్లిపోయాడు.

తిరుగు ప్రయాణంలో గతుకు వచ్చినప్పుడల్లా తలుపు గలగలమంది. పుంగనూరు దాటాక జయలక్ష్మమ్మ ఆ తలుపు మీద చెయ్యి వేసింది.

"ఇంతమంది మొక్కులు మన తలుపులో ఉండాయి. తల్లి అడిగితే ఏం జెప్పల్ల?"

"నేనేం జేసేది? తీసేకి రాకుండా జేసినారు గదా వాళ్లు."

"వాళ్లెవురు? కారు ఎవురిది?"

"మనదే."

"మనదయితే ఎందుకు తీయలేకుండాము?"

ముందు ఇంకో స్పీడ్ బ్రేకర్ కనబడింది. చప్పుడు కాకుండా దాటాలని గంగప్ప మెల్లగా బ్రేకు మీద కాలు వేశాడు.