ప్లానులో గేదె

నూకరాజు జన్మలో సొంతంగా వేసిన పథకం ఒక్కటే. అది గేదెను వదిలించుకునే పథకం.

ఖరగ్‌పూర్ రైల్వే డ్రాయింగాఫీసులో అతను ట్రేసరు. అంటే పైవాళ్లు గీసిన ప్లాను మీద పల్చటి గుడ్డ పరిచి, ఆ గీతలే మళ్లీ గీసేవాడన్నమాట. పద్దెనిమిదేళ్లుగా అదే పని. గీతలు తనవి కావు గనక తప్పులూ తనవి కావని అతని ధీమా.

ట్రాఫిక్ అనే రైల్వే పేటలో క్వార్టరు. ఇంట్లో భార్య చిలకమ్మ, పెరట్లో మెయిలు. మెయిలంటే రైలు కాదు, గేదె. దాన్ని కొన్న రోజున మద్రాసు మెయిలు ఏడు గంటలు లేటయిందట, ఆ పేరే పెట్టింది చిలకమ్మ. గేదె కూడా పేరు నిలబెట్టింది. ఏనాడూ వేళకు కదిలిన పాపాన పోలేదు.

ఆఫీసు వదలగానే స్నేహితులంతా రైల్వే ఇన్‌స్టిట్యూట్ క్లబ్బులో పేకముక్కలు పంచుకుంటుంటే, నూకరాజు మాత్రం మెయిలును రోడ్డవతలి మడుగుకు తోలుకెళ్లి, పొద్దుగూకేదాకా గట్టు మీద కూర్చోవాలి. అది నీళ్లలో హాయిగా నెమరేస్తుంటే, అతను ఒడ్డున పళ్లు నూరేవాడు.

"అమ్మేద్దామే" అన్నాడు ఓ రోజు.

"నిన్నా, దాన్నా?" అంది చిలకమ్మ.

"యాళాకోళాలు సాలు. ఆఫీసులో అందరూ నన్ను గేదెల రాజంతన్నారు."

"అననీ. ఉత్త రాజంటే ఎవులు నమ్ముతారు? మా అమ్మెట్టిన గాజులమ్మి కొన్నాను దాన్ని. నా పానం ఉండగా అది గుమ్మం దాటదు."

ఆ మడుగు రైల్వే ఆఫీసర్ల గోల్ఫు మైదానంలో ఉంది. గోల్ఫంటే తెల్లదొరలు పోతూ పోతూ వదిలేసి పోయిన ఆట. చిన్న బంతిని కర్రతో బాది బాది, ఎక్కడో ఫర్లాంగు దూరంలో ఉన్న చిల్లులో వేయాలి. ఆ చిల్లును హోలంటారు. అలాంటివి తొమ్మిది. బంతిని జేబులో వేసుకుని నడిచి వెళ్లి అందులో పడేయక ఈ అవస్థంతా ఎందుకో నూకరాజుకు ఎన్నడూ అర్థం కాలేదు.

అరవై రెండులో భాదురీ అనే కొత్త ఇంజినీరు దొర వచ్చాడు. మైదానమంతా పిచ్చిమొక్కలు మొలిచి ఉండడం చూసి, కొత్త ప్లాను గీసి బాగుచేయించమన్నాడు. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ సెలవులో ఉన్నాడు. పని నూకరాజు నెత్తిన పడింది.

పడ్డం పడ్డం అతని నెత్తిలో దీపం వెలిగింది. ఏడో హోలు మడుగు పక్కకు జరిపి, పశువులు తొక్కేస్తాయన్న వంకతో మడుగు చుట్టూ కంచె వేయిస్తే? పైవాళ్ల ఆర్డరంటే చిలకమ్మ మాత్రం ఏమంటుంది? నీళ్లు లేని గేదె ఎన్నాళ్లుంటుంది? నెలలో సంతకు పోతుంది.

ప్లాను గీశాడు. పాపం, అతనికి తెలిసింది రైలు దారి ఒక్కటే. వంపులుండకూడదు, ఎత్తుపల్లాలుండకూడదు. అందుకని తొమ్మిది హోళ్లూ నిమ్‌పురా యార్డులో పట్టాల్లాగా పక్కపక్కన తిన్నగా పరిచేశాడు. దిబ్బలు చదును చేయించాడు. మడుగు చుట్టూ పట్టాల కింది పాత స్లీపరు దుంగలు పాతి ముళ్లతీగ లాగించాడు.

"ఏటిది?" అంది చిలకమ్మ, గేదె తాడు చేత్తో పట్టుకుని.

"పైనుంచి ఆర్డరు. నానేటి సేత్తాను?" అన్నాడు నూకరాజు, మొహం వీలైనంత దిగాలుగా పెట్టి.

ఆ మొహం చూడగానే చిలకమ్మకు సగం అర్థమైపోయింది. అయినా గేదెను వెనక్కి తిప్పింది. ఆ పూట నుంచి మెయిలుకు బావినీళ్లే గతి. ఎండకు వీపు బీటలు తీసి, నాలుగు శేర్ల పాలు రెండుకు దిగాయి. తగ్గిన రెండు శేర్లూ చిలకమ్మ నూకరాజు కాఫీలోంచే కోసింది.

భాదురీ దొర ఆడడానికి వచ్చాడు. మొదటి హోలు తిన్నగా కొట్టాడు. రెండోదీ తిన్నగా కొట్టాడు. మూడోదానికి ఆవులించాడు. ఆరోదానికి వాచీ చూసుకున్నాడు.

"ఎ కీ, ఇదేంటి నూకరాజు? నేను గోల్ఫాడుతున్నానా, గూడ్సుబండి నడుపుతున్నానా? ఎక్కడా ఆలోచించే పనే లేదు!"

నూకరాజు బుర్ర గోక్కున్నాడు. కష్టం లేదంటున్నాడు, అంతేగా! వారం తిరక్కుండా మైదానమంతా కష్టాలతో నింపేశాడు. లోకోషెడ్డు నుంచి ఇసుక తెప్పించి ఇరవై గోతుల్లో పోయించాడు. హోలుకు రెండు కాలవలు తవ్వించాడు. మిగిలిన జాగాలో తుమ్మకంపలు నాటించాడు. మడుగు కంచె మాత్రం ముట్టుకోలేదు.

ఈసారి దొర మొదటి బంతి ఇసుకలో పడింది. రెండోది కాలవలో పడింది. మూడోది తుమ్మకంపలోకి పోతే, దాన్ని తీయబోయిన దొర ప్యాంటు అక్కడే ఉండిపోయినంత పనైంది.

"ఎటు కొట్టినా శిక్షేనా? నేనేం నేరం చేశాను?" అని అరిచాడు దొర. "ఆదివారానికి ఇది ఆడుకునేలా ఉండాలి. లేకపోతే నిన్ను ఏనుగులు తప్ప ప్రయాణికులెక్కని స్టేషనుకు వేయిస్తా."

ఆ పూట నూకరాజుకు ముద్ద దిగలేదు. జరిగిందంతా చిలకమ్మ దగ్గర కక్కేశాడు, కంచె సంగతి తప్ప.

చిలకమ్మ చారు పోస్తూ అంది: "పదేళ్లు ఆ గట్టుమీద పిడకలు ఎండెట్టినాను. దొరలు యాడ సంబరపడీవోరో నన్నడుగు. మడుగు కాడ."

"బంతి ములిగిపోయీ సోట సంబరవేటే?"

"ఇనుకో. కుర్రదొర మడుగు మీంచి కొట్టీవోడు. దాటితే గెంతులేసీవోడు. పడితే తిట్టుకుని రేపు మళ్లీ వచ్చీవోడు. ముసిలిదొర గట్టెంట సుట్టూ తిరిగి నిదానంగా ఎల్లీవోడు. ఓ దెబ్బ ఎక్కువైనా ఆడికీ ఆటే. తెగువున్నోడికి దగ్గిర దారి, తెగువ నేనోడికి దూరం దారి. ఏదెంచుకుంతాడో ఆడిట్టం. నీ మొదటిదాన్లో బుద్ధెట్టక్కర్నేదు. రెండోదాన్లో బుద్ధెట్టినా నాభం నేదు. ఇంక ఆడు దేనికాడతాడు?"

నూకరాజు నోరు తెరిచాడు. ముద్ద కోసం కాదు.

మర్నాడు తుమ్మకంపలు పీకించాడు, గోతులు మూడు తప్ప పూడ్పించాడు. ఏడో హోలు పాతచోటికే పోయింది, మడుగవతలికి. కంచె తీయక తప్పలేదు. అయినా కుక్క తోక వంకరే గదా! కంచె ఉన్నచోట 'పశువులు రాకూడదు' అని బోర్డు పాతించాడు.

ఆదివారం భాదురీ దొర ఏడో హోలు దాకా ఉత్సాహంగా వచ్చి, మడుగు ముందు నిలబడి చాలాసేపు ఆలోచించాడు. చుట్టూ పోనా? మీంచి కొట్టనా? చివరికి పళ్లు బిగించి మీంచే కొట్టాడు. బంతి లేచింది, వాలింది, నడిమడుగులో నల్లగా తేలుతున్న దేనిమీదో టప్పున పడి, ఎగిరి అవతలి గట్టెక్కింది.

ఆ నల్లటిది తల ఎత్తి చూసింది. మెయిలు!

"ఎవరిదీ గేదె?" అన్నాడు దొర.

"తెలవదు సార్! ఇప్పుడే తోలించేత్తాను!" అంటూ నూకరాజు బోర్డువైపు చెయ్యి చూపించాడు.

బోర్డు చాటునుంచి చిలకమ్మ వచ్చి దండం పెట్టింది. తనకొచ్చిన బెంగాలీలో చెప్పింది: "మాదే బాబూ. మా ఆయనే ప్లానులో ఎట్టినాడు. ఉత్త మడుగైతే నాలుగు రోజులకి అలవాటైపోద్ది. గేదైతే రోజూ ఒకేసోట ఉండదు గదా. నిన్న కొట్టినట్టు ఇయ్యాళ కొట్టనేరు. రోజూ ఆలోసించాల."

దొర మడుగును చూశాడు, గేదెను చూశాడు, నూకరాజును చూశాడు. "ఇది నీ ఆలోచనేనా?"

కాదంటే ఏనుగుల స్టేషను. అవునంటే గేదె. నూకరాజు "అవునండి" అన్నాడు.

"శాబాష్! ఆ బోర్డు పీకించు. రోజూ అయిదు నుంచి చీకటి పడేదాకా గేదె ఇక్కడుండాలి. దాని బాధ్యత నీదే. కాగితం మీద ఆర్డరిస్తాను."

ఆర్డరు సోమవారమే వచ్చింది, మూడు ప్రతుల్లో. ఒకటి ఆఫీసు గోడకంటించారు. దాన్ని చదవడానికి పక్క సెక్షన్లనుంచి కూడా జనం వచ్చారు. మెయిలు మళ్లీ నాలుగు శేర్లిచ్చింది.

రెండువారాలు మెయిలు వెనకాల నడిచాక, ఓ సాయంత్రం నూకరాజు మంచం మీద ముసుగుతన్ని మూలిగాడు. "ఒలే, ఒళ్లు కాలిపోతంది. ఇయ్యాళొక్క పూట నువ్వు తోలుకెల్లవే."

చిలకమ్మ నుదురు ముట్టుకుని చూసింది. చల్లగా ఉంది. గూట్లోంచి కాగితం, కలం తెచ్చి అతని గుండెల మీద పెట్టింది.

"నాదేవుంది మావా, ఉజ్జోగం నీది. సెలవు సీటీ రాసి దొరకిచ్చుకో."