పద్దెనిమిది కోర్లూ, ఒక పళ్ల డాక్టరూ

ఆ రోజు పొద్దున్న ఎనిమిదింటికల్లా తక్కెడ స్నానం ముగించి, ఉతికిన చొక్కా తొడుక్కుని, కంప్యూటరు బల్ల ముందు ఠీవిగా కూర్చున్నాడు. పదింటికల్లా పరీక్ష పూర్తి, పదిన్నరకి పని మొదలు, ఒంటిగంటకి భోజనం. అంతా కాగితం మీద గడులు గీసి రాసుకున్నాడు.

తక్కెడ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, పాత ఆఫీసులో తోటివాళ్లు తగిలించింది. రెండు పెన్సిళ్లు కొనాలన్నా రెండింటితోనూ గీసి చూసి, మార్కులు వేసి, కూడి, తీసివేసి గాని జేబులో చెయ్యి పెట్టేవాడు కాదు. చెప్పులు కొనడానికి వెళ్లి కుడికాలిదాన్ని ఎడమకాలిదానితో పోల్చి చూసుకున్నాడని కిట్టనివాళ్లు చెప్పుకునేవారు. కిట్టినవాళ్లు కూడా కాదనేవారు కాదు.

కట్టబోయే భవనాలని కంప్యూటర్లో ముందే కట్టేసి, వాటిలో నడిచి తిరుగుతున్నట్టు సినిమా తీయడం అతని పని. మూడు నెలల కిందట ఉద్యోగం మానేసి ఇంట్లోనే సొంతంగా మొదలుపెట్టాడు. దొరక్క దొరక్క దొరికిన మొదటి పని ఒక గ్రంథాలయం. ఆ సాయంత్రం నాలుగింటికి కమిటీ కూర్చుంటుంది. అప్పటికి సినిమా వాళ్ల ముందు ఆడితే పని ఇతనిది, ఆడకపోతే పాత ఆఫీసుది. అదే జరిగితే మళ్లీ ఆ గుమ్మమే ఎక్కి, "రావయ్యా తక్కెడా" అనిపించుకోవాలి. ఆ ఊహకే నాలుగు రోజులుగా అతనికి అన్నం సయించడం లేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా రెండ్రోజుల కిందట ఉన్న కంప్యూటరు కాస్తా గుటుక్కుమంది. పాత కంప్యూటర్ల షాపాయన ఒక బోర్డూ, అందులో పట్టే రెండు ప్రాసెసర్లూ తెచ్చిచ్చాడు. రెండూ తమ కాలంలో కొమ్ములు తిరిగినవే. ఒకదానికి పద్దెనిమిది కోర్లు, అంటే లోపల పద్దెనిమిది మంది పనివాళ్లున్నట్టు లెక్క. రెండోదానికి ఎనిమిది మందే గాని ఒక్కొక్కడూ చురుకైనవాడు.

"ఒకటి ఉంచుకోండి సార్. రెండోది పన్నెండింటికి వచ్చి పట్టుకెళ్తా. నాకు వేరే బేరం ఉంది" అని చెప్పి వెళ్లాడు.

ఇంకొకడైతే పద్దెనిమిది కోర్లది బిగించేసి, సినిమా మొదలెట్టి, కాలు మీద కాలేసుకునేవాడు. తక్కెడకి అది అన్యాయమనిపించింది. ఎనిమిది కోర్లదాని సంగతి చూడకుండా తీర్పెలా చెబుతాం? పైగా ఆ రెండోదానికి వకీలు కూడా ఉన్నాడు, తక్కెడ భార్య డాక్టరమ్మకి తమ్ముడు. కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు, ఇంటికొస్తే కంప్యూటర్లో తుపాకులు పేలుస్తాడు. బోర్డుకి తగిలించిన గ్రాఫిక్స్ కార్డు అతనిదే. సాయంత్రాలు తనే ఆడుకుంటానన్న షరతు మీద ఇచ్చాడు.

"బావా, ఆటకి తలకాయల లెక్క కాదు, చురుకు కావాలి. ఎనిమిదే ఉంచు."

"నాకు కావాల్సింది సినిమా అయ్యా, ఆట కాదు! పద్దెనిమిది మంది ఎక్కడ, ఎనిమిది మంది ఎక్కడ?"

"పద్దెనిమిది మందీ ఈడ్చుకుంటూ నడిచేవాళ్లే కదా!"

"మీ ఎనిమిది మందీ పరిగెత్తి ఏ గోడ కట్టారో చెప్పు!"

ముందు గదే డాక్టరమ్మ పళ్ల ఆసుపత్రి. ఈ అరుపులకి కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న పేషెంటు దడుచుకుని నోరు మూసేసుకున్నాడు. డాక్టరమ్మ చేతి తొడుగులతోనే లోపలికొచ్చింది.

"ఇద్దరూ ఆపండి. మందు పనిచేస్తుందో లేదో తేల్చాలంటే మేమేం చేస్తామో తెలుసా? అసలు మందు ఏదో పేషెంటుకీ చెప్పం, ఇచ్చే డాక్టరుకీ చెప్పం. నేనొకటి బిగిస్తా, అదేదో చెప్పను. మీరు పరీక్ష చేసుకోండి. తర్వాత రెండోది బిగిస్తా. వరస కాగితం మీద రాసి కవర్లో పెడతా. సరేనా?"

తక్కెడ కళ్లు చెమర్చాయి. పెళ్లయిన పదకొండేళ్లలో ఆవిడ అంత అందంగా ఎప్పుడూ కనబడలేదు. బావమరిది కూడా ఉత్సాహంగా లేచి, తెర మీద ప్రాసెసరు పేరు కనబడే మూల కాగితం ముక్క అంటించాడు. ఇద్దరినీ వరండాలోకి తోలేసి, డాక్టరమ్మ తలుపేసుకుంది. రెండింటి మీదా వేడి లాగడానికి పూసిన పాత జిగురుని స్పిరిట్‌తో పంటి గార తీసినంత ఓపిగ్గా తుడిచింది. ఒకటి బోర్డులో బిగించింది. రెండోదాన్ని స్టీలు ట్రేలో పెట్టి కిటికీ మీద ఉంచి, పేషెంటు దగ్గరికి వెళ్లిపోయింది.

మొదటి విడత మొదలైంది. గ్రంథాలయం మెట్ల బొమ్మ ఒకటి గీయించి గడియారం చూశారు. ఆరు నిమిషాల పది సెకన్లు! తక్కెడ కుర్చీలోంచి ఎగిరాడు. ఆ వేగం పద్దెనిమిది కోర్లదానికి గాని రాదని అతనికి ఎముకల్లో తెలిసిపోయింది. తర్వాత బావమరిది ఆట పెట్టాడు. సెకనుకి నూట పది బొమ్మలు, ఎక్కడా తడబాటు లేదు. అతను గుండెల మీద చెయ్యేసుకున్నాడు. అది ఎనిమిది కోర్లదేనని అతని రక్తం చెబుతోంది. ఇద్దరూ ఒకరినొకరు జాలిగా చూసుకున్నారు. మధ్యలో నర్సమ్మ వచ్చి, "ట్రేలు ఎక్కడపడితే అక్కడ పెట్టేస్తారు మేడం" అని గొణుక్కుంటూ కిటికీ దగ్గర్నించి ఏదో తీసుకుపోయింది. ఆవిడ గడియారానికి అడ్డం వచ్చిందని తక్కెడ విసుక్కున్నాడు, అంతే.

"రెండోది బిగించవోయ్!" అని కేక పెట్టాడు.

డాక్టరమ్మ వచ్చి తలుపేసుకుంది. ఈసారి చాలాసేపు పట్టింది. ఒకసారి ఆసుపత్రిలోకి పరిగెత్తింది, మళ్లీ వచ్చింది. బయటికొచ్చాక ఆవిడ మొహం కొంచెం పాలిపోయి ఉంది. "నిదానంగా చేసుకోండి. తొందరేం లేదు" అని వెళ్లిపోయింది. ఆవిడ నోట తొందర లేదన్న మాట తక్కెడ వినడం అదే మొదలు.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. మొదటిది తనదేనని ఎవరికి వారికి తేలిపోయాక, రెండోది ఎదుటివాడి పార్టీ అయిపోయింది. ఎంత తక్కెడైనా తూచేవాడికి తట్ట నొక్కే బొటనవేలుంటుంది. బావమరిది అటు తిరిగినప్పుడు తక్కెడ రిమోట్ అందుకుని ఏసీ ఆపేశాడు. తక్కెడ ఇటు తిరిగినప్పుడు బావమరిది తన కోటు విప్పి, కంప్యూటరు పెట్టె గాలి పీల్చుకునే కన్నాల మీద ఆరేశాడు. ఒకడి సంగతి ఇంకొకడికి తెలీదు. పెట్టె మాత్రం ఇద్దరి పుణ్యాన ఆయాసపడసాగింది. మెట్ల బొమ్మకి పదకొండు నిమిషాలు పట్టింది. ఆటలో బొమ్మలు నలభైకి పడిపోయాయి.

"ఛీ, ఇదీ ఒక ప్రాసెసరేనా!" అన్నాడు తక్కెడ. ఏసీ కొంచెం ఆపితేనే ఇంత దిగజారిందంటే లోపం దానిలోనే ఉండాలి మరి.

"దరిద్రం బావా. మొదటిదే ఉంచుదాం" అన్నాడు బావమరిది, కోటు మెల్లిగా లాక్కుంటూ.

ఏ విషయంలోనూ ఒక్క మాట మీదకి రాని ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఊపారు. అప్పుడే షాపాయన అరగంట ముందుగానే దిగబడ్డాడు.

"డాక్టరమ్మా, రెండోది పీకి ఈయనకిచ్చెయ్! కవరు తెచ్చి చదువు!" అని తక్కెడ కేకేశాడు.

డాక్టరమ్మ కవరు తేలేదు. గుమ్మంలోనే నిలబడి, పేషెంటుకి పన్ను పీకక తప్పదని చెప్పేటప్పటి గొంతుతో మొదలుపెట్టింది.

"ముందు అందరూ కూర్చోండి. రెండు సార్లూ బోర్డులో ఉన్నది ఒక్కటే. ఎనిమిది కోర్లది."

షాపాయన ఒక్కడే కూర్చున్నాడు.

"మరి పద్దెనిమిది కోర్లది?" అని తక్కెడ ఎలాగో అడిగాడు.

"ట్రేలో పెట్టాను కదా. నర్సమ్మ స్టెరిలైజర్లో పెట్టేసింది. నేను చూసేసరికి తలుపు బిగుసుకుపోయింది. చల్లారేదాకా రాదు. మీకు చెబితే గుండాగిపోతుందని, ఉన్నదాన్నే మళ్లీ బిగించా."

వెనకనుంచి నర్సమ్మ తొంగి చూసింది. "అడుగున అన్నీ బంగారు చుక్కలే సార్! ఎవరికో చేయించిన ఖరీదైన పంటి తొడుగు అనుకున్నా. జాగ్రత్తగా సంచీలో పెట్టి, సీలేసి, తేదీ కూడా రాశాను."

"వేడెంత?" అన్నాడు ఫిజిక్స్ మాస్టారు.

"నూట ముప్ఫై నాలుగు డిగ్రీలు. ఆవిరి" అంది నర్సమ్మ గర్వంగా. "ఒక్క క్రిమి కూడా మిగలదు."

షాపాయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఒకే ప్రాసెసరు రెండోసారి అంతలా ఎందుకు చతికిలపడిందని ఆరా తీస్తే, ఏసీ సంగతీ కోటు సంగతీ కూడా బయటపడ్డాయి. ఆ గొడవంతా తేలేసరికి గడియారం పన్నెండు కొట్టింది. తక్కెడ గబగబా లెక్క వేశాడు. ఎనిమిది కోర్లదైతే సినిమాకి నాలుగున్నర గంటలు, అంటే కమిటీ లేచి ఇంటికెళ్లిపోయాక. పద్దెనిమిది కోర్లదైతే రెండు గంటలు, అదీ బతికుంటే. అతనికి నిజంగా ఏడుపొచ్చింది. మూడు నెలల కష్టం, తన పేరుతో వేసుకున్న చిన్న బోర్డు, అన్నీ కళ్లముందు కరిగిపోతున్నాయి.

స్టెరిలైజర్ తలుపు తెరుచుకుంది. పొగలు చిమ్ముతున్న సంచీలోంచి ప్రాసెసరు బయటికొచ్చింది, అద్దంలా మెరిసిపోతూ. డాక్టరమ్మ దాన్ని పళ్ల సందుల్లో గాలి ఊదే గొట్టంతో ప్రతి చుక్కా ఆరేదాకా ఊదింది.

"తడి ఉంటే బోర్డు కూడా పోవచ్చు సార్" అన్నాడు షాపాయన. "అప్పుడు ఎనిమిదీ ఉండదు, పద్దెనిమిదీ ఉండదు. ఆలోచించుకోండి."

బావమరిది కాగితం, పెన్సిలు తెచ్చిచ్చాడు. ఇలాంటప్పుడు బావకి గడులు కావాలని అతనికి తెలుసు. తక్కెడ కాగితం వంక చూశాడు, భార్య వంక చూశాడు. ఆవిడ ఇంకా ఆ ముక్కని రెండు వేళ్లతో వెలుతురుకి తిప్పి చూస్తోంది.

"ఆరిందా?"

"ఆరింది."

"పెట్టెయ్."

అతను జన్మలో తూచకుండా చేసిన మొదటి పని అదే. మీట నొక్కారు. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది. అర నిమిషం గడిచింది. నర్సమ్మ కళ్లు మూసుకుంది. నిమిషం. షాపాయన చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. అంతలో తెర భగ్గున వెలిగింది! బావమరిది పెట్టిన కేకకి ముందు గదిలో వరసలో ఉన్న పేషెంట్లు ఇద్దరు లేచి ఇంటికెళ్లిపోయారు. తక్కెడ నర్సమ్మ చేతులు పట్టుకుని ఊపేశాడు.

"ఇంత శుభ్రమైన ప్రాసెసరు నా సర్వీసులో చూళ్లేదు" అన్నాడు షాపాయన. ఇది సినిమా అయ్యేదాకా నిలబడితేనే రెండోది తీసుకుంటానని, సాయంత్రం మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు.

సినిమా పూర్తవడానికి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. గ్రంథాలయం తలుపులు తెరుచుకున్నాయి, మెట్ల మీద ఎండ పడింది, అలమరల మధ్య నుంచి చూపు మెల్లిగా నడిచి వెళ్లింది. నాలుగింటికి కమిటీ గదిలో అదే ఎండ గోడ మీద పడింది. వాళ్లలో పెద్దావిడ ఒకరు, "ఆ కిటికీ పక్క కుర్చీ నాకుంచండి" అన్నారు. పని ఖాయమైంది. దాంతోపాటు ఇంకో రెండు భవనాలు కూడా అప్పగించారు. తక్కెడ ఇంటిదాకా దాదాపు పరిగెత్తుకొచ్చాడు.

ఇంట్లో బావమరిది చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆటలో మునిగి ఉన్నాడు.

"బావా, పని దొరికిందట కదా, శభాష్! షాపాయన వచ్చాడు. సినిమా అయిపోయిందిగా, అక్క పద్దెనిమిదిది పీకి ఇచ్చేసింది. ఇది చూడు, నా ఎనిమిది కోర్లది! నూట పది! ఎంత చురుకో! నేను పొద్దున్నించీ మొత్తుకోలేదూ?"

తక్కెడ మనసులో మళ్లీ లెక్క మొదలైంది. ఇంకో రెండు భవనాలు! ఎనిమిది మందితో అవి ఎప్పటికి లేస్తాయి? కాళ్లీడ్చుకుంటూ ముందు గదిలోకి వెళ్లాడు. డాక్టరమ్మ పనిముట్లు సర్దుకుంటోంది.

"ఇచ్చేశావా?" అన్నాడు నీరసంగా.

"ఇచ్చా" అందావిడ, తల ఎత్తకుండా. "ఎనిమిదిది."

లోపల్నించి తుపాకులు మోగుతున్నాయి. నూట పదకొండని బావమరిది ఆనందంగా అరిచాడు. తక్కెడ భార్య మొహంలోకి చూశాడు. ఆవిడ గ్లవ్స్ విప్పి బుట్టలో పడేసింది.

ఎదుటివాళ్ల నోళ్లు తెరిపించడమే గాని, అనవసరంగా తన నోరు తెరిచే అలవాటు డాక్టరమ్మకి లేదు.