అభ్యంతరం: అత్తయ్య బతికి ఉండటం

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు మా మేనత్త చనిపోయింది. ఆ సమయంలో ఆవిడ బాల్కనీలో కూర్చుని టేబుల్ ఫ్యాను విప్పి, స్క్రూలు ఒక గిన్నెలో వేసుకుంటోంది.

చంపింది మా బాబాయి. అంటే ఆవిడ సొంత తమ్ముడు. హాల్లో సోఫా మీద పడుకుని, ఫోనులో చంపాడు. వాలంటీర్లు జీతం లేకుండా రాసే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. అందులో అత్తయ్య మీద ఒక పేజీ ఉంది. బాబాయి ఆ పేజీలో పుట్టిన తేదీ పక్కన మరణించిన తేదీ చేర్చాడు. ఆ వెంటనే, అంతకుముందు వాలంటీర్లు తీసేసిన ఆవిడ ఫోటోని తిరిగి పెట్టాడు. భోజనాల వేళ దాకా దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఇది చదివి మీరు మా బాబాయిని తిట్టుకుంటారు. ఆ వాలంటీర్లనీ తిట్టుకుంటారు. తొందరపడకండి! ఫోటోల కాపీరైట్‌కి కాపలా కాసే ఆ వాలంటీర్లు లోకానికి వరం. ఆ సంగతి చెప్పడానికే ఈ కాలమ్.

ముందు ఆ ఫోటో గురించి. అత్తయ్య రిటైరయ్యేదాకా ఓడరేవులో క్రేను నడిపింది. ఆ రేవులో క్రేను ఎక్కిన మొదటి ఆడమనిషి. ఫోటోలో ఆవిడ క్యాబిన్ కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టి కిందికి చూస్తూ ఉంటుంది. కింద ఓడ. ఓడ మీద కూలీలు తలలెత్తి ఆవిడనే చూస్తుంటారు. రేవు గేటు ఎదురుగా స్టూడియో పెట్టుకున్న ఫోటోగ్రాఫర్ తీశాడు దాన్ని. ఒక కాపీ ఫ్రేము కట్టించి ఆవిడకిచ్చాడు.

ఆ ఫోటోగ్రాఫర్ పోయాడు. స్టూడియో ఉన్నచోట ఇప్పుడు చెప్పుల షాపు ఉంది. క్రేనుని తుక్కు కింద అమ్మేశారు. ఫోటో మిగిలింది.

ఆన్‌లైన్ పేజీలో, చర్చలు పెట్టుకునే చోట, ఒకాయన ఇలా రాశాడు: "ఆ రోజుల్లో ఆడవాళ్లు క్రేను ఎక్కడమేమిటి? కట్టుకథ." అది అత్తయ్య చదివింది. మూడో రోజు ఫ్రేము తెచ్చి బాబాయి ముందు పెట్టింది.

"ఇది పెట్టరా అందులో."

"మొహం సరిగ్గా కనిపించట్లేదక్కా."

"నా మొహం ఎవడికి కావాలి? ఆ కిటికీ కనిపిస్తే చాలు."

బాబాయి పెట్టాడు. "వడపోత" అనే వాలంటీరు తీసేశాడు. అక్కడ అందరూ మారుపేర్లతోనే తిరుగుతారు. ఆ తర్వాత ఇద్దరికీ మధ్య నడిచిన సంభాషణని బాబాయి మాకు పైకి చదివి వినిపించాడు.

"ఇది మీరు తీసిన ఫోటోనా అండీ?"

"కాదండీ. ఫోటోలో ఉన్నది మా అక్క."

"ఫోటోలో ఎవరున్నారని కాదు. బటన్ ఎవరు నొక్కారని."

బాబాయి ఆ ఫోటోగ్రాఫర్ సంగతి చెప్పాడు.

"ఆయన పోయి అరవై ఏళ్లయిందా?"

"ఇరవై కూడా కాలేదండీ."

"అరవై ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుందండీ. వారసుల దగ్గర్నుంచి అనుమతి ఈమెయిల్ తెప్పించండి."

"ఆయన పెళ్లే చేసుకోలేదండీ. వెనకా ముందూ ఎవరూ లేరు."

"హక్కులు ఎవరికో ఒకరికి ఉంటాయండీ. ఎవరికో తెలియనంత మాత్రాన లేవని కాదు."

చూశారా! ఆ ఫోటోగ్రాఫర్ బతికుండగా జ్వరమొస్తే మంచినీళ్లిచ్చిన దిక్కు లేదు. ఇప్పుడు ఎక్కడో ఒక మనిషి, ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తిని, లాప్‌టాప్ తెరిచి ఆయన హక్కుకి కాపలా కాస్తున్నాడు. పైసా జీతం లేదు. మన సొంతవాళ్లు మనకోసం ఇంత చేస్తారా?

వాళ్ల జాగ్రత్త ఇంతటితో ఆగదు. ఒక లెక్చరర్ తన ఫోటో తనే పెట్టాడు. అందులో రెండు చేతులూ కట్టుకుని ఉన్నాడు కాబట్టి బటన్ ఇంకెవరో నొక్కారని తేల్చారు. భార్య నొక్కిందన్నాడు. అయితే ఆవిడ అనుమతి కావాలన్నారు. ఆ వారం ఆవిడ అతనితో మాట్లాడటం లేదు. ఫోటో పోయింది.

ఒక వంతెన ఫోటోలో లారీ పడింది. లారీ వెనక నెమలి బొమ్మ ఉంది. నెమలిని గీసిన పెయింటరుకి హక్కు ఉంటుంది కదా? వంతెన పోయింది.

ఒక శిల్పి తను చెక్కిన విగ్రహాన్ని తనే ఫోటో తీసి పెట్టాడు. శిల్పి అనుమతి అడిగారు. "నేనే శిల్పిని" అన్నాడు. "అలాగని మీరంటున్నారు" అన్నారు. చివరికి, ఆయన పోయిన అరవై ఏళ్లకి తమకే అభ్యంతరమూ ఉండదని ధైర్యం చెప్పి పంపించారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. బాబాయి పెట్టిన ఫోటో ఆ సైట్‌లో ఉన్నది కొన్ని గంటలే. ఆ కాస్త సమయంలోనే రేవు రోడ్డులోని క్రేన్ ట్రైనింగ్ సెంటర్‌వాళ్లు దాన్ని దించుకున్నారు. ఇప్పుడది వాళ్ల బోర్డు మీద గోడంత ఉంది. అత్తయ్య తలకి పసుపు హెల్మెట్ అతికించారు. వెళ్లి ఓనర్ని అడిగాను.

"నెట్‌లో దొరికింది సార్" అన్నాడు.

"ఎవర్నైనా అడిగారా?"

"అడిగితే ఇవ్వరు కదా సార్!"

నిబంధనలు తెలిసిన మనిషి. ఇంకేమీ అడక్కుండా వచ్చేశాను.

బాబాయి వదల్లేదు. వడపోత కూడా ఓపిక వదల్లేదు. ఒక దారి చూపించాడు.

"ఆవిడ బతికే ఉన్నారు కదండీ? కొత్త ఫోటో తీసి పెట్టండి. కొత్తది తీసే వీలున్నప్పుడు అనుమతి లేని పాతది వాడటానికి లేదు."

"క్రేను లేదు కదండీ?"

"పేజీ ఆవిడ మీద. క్రేను మీద కాదు."

"మరి పోతే?"

"ఏదండీ?"

"మా అక్క."

"అప్పుడైతే అభ్యంతరం లేదండీ."

బాబాయి దాన్ని సలహా కింద తీసుకున్నాడు. మంగళవారం జరిగింది అదీ. పని ముగించుకుని బాల్కనీలోకి వెళ్లాడు.

"అక్కా, ఫోటో వచ్చేసింది."

"ఒప్పుకున్నారా?"

"నువ్వు పోయావు."

అత్తయ్య ఒక స్క్రూ బిగించింది. "పోయినా ఫ్యాను నేనే బాగుచేసుకోవాలా?"

"నాలుగు రోజులు ఓర్చుకో. తర్వాత ఎవరూ పట్టించుకోరు."

"కిటికీ కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"అయితే పోయే ఉంటాలే."

కానీ వడపోత భోజనం చేసి వచ్చాడు. మరణానికి ఆధారం అడిగాడు. బాబాయి నాకు ఫోన్ చేశాడు.

"పేపర్లో పనిచేస్తున్నావు కదరా, ఓ నాలుగు లైన్లు పడేయ్."

"కన్ఫర్మ్ చేసుకోకుండా వెయ్యలేను బాబాయ్."

"ఇంట్లోనే ఉంది, ఇస్తానుండు. కన్ఫర్మ్ చేసుకో."

నేను వెయ్యలేదు. సాయంత్రానికి వడపోత మరణ తేదీ తీసేశాడు. ఫోటో తీసేశాడు. బాబాయిని నెల రోజులు నిషేధించాడు. పోయిన మనిషిని ఒక్క పూటలో, ఒక్క పైసా పుచ్చుకోకుండా తిరిగి బతికించిన సంస్థ ఇంకోటి ఉంటే చెప్పండి!

ఆదివారం వడపోతే ఇంటికొచ్చాడు. ఉండేది ఈ ఊళ్లోనే. బీమా ఆఫీసులో గుమాస్తా. భుజాన కెమెరా ఉంది.

"నేను తీస్తే హక్కు నాదవుతుందమ్మా. నేను దాన్ని అందరికీ ఇచ్చేస్తాను. ఇక దాన్ని ఎవరూ తీసేయలేరు" అన్నాడు.

అత్తయ్య లోపలికెళ్లి ఫ్రేము తెచ్చుకుంది. కుర్చీలో కూర్చుని ఒడిలో నిలబెట్టుకుంది.

"అది పక్కన పెడతారా అమ్మా?"

"ఎందుకు?"

"ఫోటోలో ఇంకొకరి ఫోటో పడకూడదు."

"నువ్వు నన్ను తియ్యి నాయనా. నా ఒళ్లో ఏముంటే నీకెందుకు?"

"నాకేం లేదమ్మా. నిబంధన రాసింది నేనే."

అత్తయ్య ఫ్రేముని అతనివైపు కొద్దిగా తిప్పింది. "ఆ కిటికీలో ఉన్నదెవరు?"

అతను వంగి చూశాడు. "మీరే."

"ఆధారం ఏమైనా కావాలా?"

అతను కెమెరా కన్ను దగ్గర పెట్టుకుని బటన్ నొక్కాడు. ఆ సాయంత్రమే ఫోటో పెట్టాడు.

మర్నాడు "గొళ్లెం" అనే ఇంకో వాలంటీరు అభ్యంతరం తెలిపాడు. చర్చ మొదలైంది. ఫోటోలో ఫ్రేము ఎంత శాతం? అనుకోకుండా పడిందా, కావాలని పెట్టారా? "ఒళ్లోకి ఫ్రేము అనుకోకుండా రాదు" అన్నాడు గొళ్లెం. వడపోత వారమంతా అత్తయ్య తరఫున వాదించాడు. అతను రాసిన నిబంధననే అతనికి చూపించారు. మెజారిటీ గొళ్లెంవైపు వెళ్లింది. అయితే మధ్యేమార్గంగా, ఫోటోని పూర్తిగా తీసేయకూడదని తీర్మానించారు.

ఇప్పుడు చెప్పండి. ఎవరికైనా అన్యాయం జరిగిందా? పోయిన ఫోటోగ్రాఫర్ హక్కు భద్రం. తెలియని వారసుల హక్కు భద్రం. వడపోత హక్కు భద్రం. లారీ మీద నెమలి కూడా భద్రమే. వీళ్లందరి లెక్కా చూసేవాళ్లు ఉండబట్టే కదా మనం గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతున్నాం!

ఈ కాలమ్ పంపే ముందు ఆ పేజీ తెరిచాను. ఫోటో ఉంది. అందులో అత్తయ్య కుర్చీలో కూర్చుని ఉంది. ఒడిలో ఫ్రేము ఉంది. ఫ్రేములో కిటికీ, మోచెయ్యి, ఓడ ఉండే చోట బూడిద రంగు పూశారు. ఫోటో కింద "ఓడరేవులో క్రేను నడిపిన మొదటి మహిళ" అని ఉంది. ఆ వాక్యం పక్కన బ్రాకెట్లలో "ఆధారం కావాలి" అని ఉంది.